రెండో వైపు వెయ్యమన్న మనిషి

మా ముందుగదిలో బల్ల ఒక్కటే ఉంది. దాని మీద నా రికార్డు ప్లేయరుండాలా, మా ఆవిడ హార్మోనియముండాలా అన్నది ఆ ఏడు వానాకాలమంతా మా ఇంట్లో నడిచిన చర్చ. చర్చ అని మర్యాదకి అంటున్నాను. అమలాపురంలో అన్నీ మర్యాదగానే జరుగుతాయి, మొగుడూ పెళ్ళాల పోట్లాటతో సహా.

"ఏమండీ, వెనక వసారాలో జల్లు కొట్టి హార్మోనియం తిత్తి మెత్తబడిపోయిందండీ. నిన్న సాధనలో అది పాడిందో దగ్గిందో మాకే తెలీలేదు," అంది విజయకుమారి.

మా ఆవిడ చర్చిలో పాటల బృందానికి పెద్ద. క్రిస్మస్ దగ్గర పడుతోంది. ఆడవాళ్ళంతా సాయంత్రాలు మా ఇంటికొచ్చి సాధన చేస్తారు.

"దుప్పటి కప్పు," అన్నాను.

"మీ పెట్టెకి కప్పండి. వీధికి కాస్త హాయిగా ఉంటుంది."

"ఆ రికార్డు తెచ్చిచ్చింది మీ తమ్ముడే."

"వాడు ఓడలో తిరిగేవాడు. ఏ రేవులో ఏది అంటగడితే అది తెస్తాడు. మీరు నేల మీదుండే మనిషి కదా."

నేను కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతాను. ఎదుటివాడి మనసులో ఏముందో గంటసేపు పాఠం చెప్పగలను గాని, ఆ ఎదుటివాడితో అయిదు నిమిషాలు కబుర్లు చెప్పలేను. సాయంత్రం ఇంటికొచ్చి, సాధన లేని రోజు తలుపు దగ్గరగా వేసుకుని, ఆ ఒక్క రికార్డూ వినడమే నా లోకం. జాజ్-రాక్ అంటారట దాన్ని. వాయించినవాళ్ళ పేర్లు నాకే నోరు తిరగవు, మీకెందుకు లెండి.

ఊళ్ళో దీపాలన్నీ వెలిగే వేళకి మా గదిలో బల్బు పండుమిరపకాయ రంగుకి దిగేది. ఆ వెలుతురులో సాక్సొఫోను, నూతిలో పడ్డవాడు పిలుస్తున్నట్టు మూలిగేది. డ్రమ్ములు చెప్పులు ఈడ్చుకుంటూ నడిచేవి. పాడే ఆయన ఒక్కో మాటా బస్తాలా మోసుకొచ్చి దింపేవాడు. ఆధునిక మానవుడి కుంగుబాటుని ఇంతకంటే ఎవరు చెప్పగలరు? దాని మీద కాలేజీలో ఉపన్యాసం కూడా ఇచ్చేను. అట్ట వెనక మాత్రం, మేం నవ్వుతూ తుళ్ళుతూ చేసిన రికార్డిది అని ఇంగ్లీషులో రాసుకున్నారు. దుఃఖాన్ని అణుచుకున్నవాడు సరిగ్గా అలాగే రాస్తాడు. ఆ సంగతీ ఉపన్యాసంలో చెప్పేను.

చివరికి విజయకుమారి ఒక రాజీకొచ్చింది.

"ఈ ఊళ్ళో ఇంకొక్క మనిషికి అది నచ్చిందనిపించండి. బల్ల మీ పెట్టెకే వదిలేస్తాను."

"ఒక్కరేమిటి, పిలిచినవాళ్ళందరూ బాగుందంటారు."

"అంటారండీ. మనవాళ్ళు పులుసులో ఉప్పు మర్చిపోయినా బాగుందండీ అనే తింటారు. ఆ మాట లెక్కలోకి రాదు. మొదటి వైపు అయ్యేక నోరు తెరిచి, రెండో వైపు వెయ్యండి అని అడగాలి. అదీ పరీక్ష."

ఒప్పుకున్నాను. బల్ల సంగతి అలా ఉంచండి. నాకు లోపల ఇంకో ఆశ ఉంది. ఎన్నాళ్ళుగానో ఆ రికార్డు ఒక్కణ్ణే వింటున్నాను. 'అక్కడ విన్నారా, ఎలా వాయించేడో' అని అడగడానికి ఈ ఊళ్ళో నాకొక మనిషి కావాలి. ఒక్కరు చాలు.

అయినా పందెం పందెమే. ఆశ మీద ఆధారపడేంత అమాయకుణ్ణి కాదు. ముందుగా కొబ్బరికాయల వ్యాపారి వీర్రాజు గారి కొట్టుకెళ్ళేను. ఎవరేమడిగినా 'ఆయ్' అనడం తప్ప ఇంకోటి తెలియని మనిషి కాబట్టి ఊళ్ళో ఆయన్ని ఆయ్ వీర్రాజు గారంటారు.

"మీరు శనివారం సాయంత్రం మా ఇంటికి రావాలి."

"ఆయ్."

"పాట వినాలి. విన్నాక, రెండో వైపు వెయ్యండి అనాలి. ఆ ఒక్క ముక్కే."

"ఆయ్. అంటానండీ."

"మర్చిపోరు కదా?"

"మీరంతటివారు చెప్పేక మర్చిపోవడమేవిటండీ."

ఆయన ఆ మాటని ఎంత జాగ్రత్తగా మోసుకొచ్చేడంటే, శనివారం నేను ముల్లు రికార్డు మీద ఆనించేనో లేదో, ఇంకా గరగర తప్ప ఏమీ రాకుండానే, "రెండో వైపు వెయ్యండి," అన్నాడు.

కాఫీ గ్లాసులు పట్టుకొస్తున్న విజయకుమారి ఆగి, ఆయన వంక చూసి, తర్వాత నా వంక చూసింది.

"ఇంకా మొదలవలేదండీ," అన్నాను నేను.

"ఆయ్. ముందే అనేస్తే ఓ పనైపోతుందని."

మిగిలిన ఇద్దరు శ్రోతలూ నవ్వలేదు. మర్యాదస్తులు. ఒకాయన మా కాలేజీలోనే సంస్కృతం చెప్పే సూర్యనారాయణమూర్తి గారు. రెండో ఆవిడ మరియమ్మ గారు, పాటల బృందంలో అందరికంటే పెద్ద గొంతు.

పాట సాగింది. మూర్తి గారు కళ్ళు మూసుకున్నారు. భక్తో నిద్రో తెలియదు. ఇలాంటప్పుడే శాస్త్రం అక్కరకొస్తుంది. మనిషి నోరు మర్యాదకి లొంగుతుంది గాని, కాలి బొటనవేలు లొంగదని నా సొంత సిద్ధాంతం. నిజంగా నచ్చితే అది దానంతటదే తాళం వేస్తుంది. అంచేత కళ్ళజోడు పడిపోయినట్టు నటించి, బల్ల కిందకి దూరి, ముగ్గురి పాదాలూ పరిశీలించేను.

మూర్తి గారి బొటనవేలు ఆడుతోంది. పైకీ కిందకీ, చక్కగా.

"కుమారీ, ఇలా రా. ఈ వేలు చూడు," అన్నాను బల్ల కిందనుంచే.

మూర్తి గారు కళ్ళు తెరిచి, వంగి, బొటనవేలు గోక్కున్నారు. "మీ ఇంట్లో దోమలు కాస్త జాస్తిగా ఉన్నాయండీ," అన్నారు ఎంతో నొచ్చుకుంటూ, ఆ దోమల్ని తనే తెచ్చినట్టు.

బల్ల కిందనుంచి బయటికొచ్చేసరికి బల్బు ఇంకాస్త ఎర్రబడింది. పాడే ఆయన గొంతు కూడా దిగింది. సాగింది, మందగించింది, మూలిగింది. మరియమ్మ గారు గ్లాసు కింద పెట్టి, ముసుగు వేసుకుని, మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"ఎవరో గాని పాపం, ఆఖరి క్షణాల్లో ఉన్నారండీ," అని ప్రార్థన మొదలెట్టేరు. ప్రార్థన అయ్యేక, ఓదార్పు కోసం పాడే పాటొకటి ఎత్తుకున్నారు. ఆవిడ గొంతెత్తితే బస్టాండుకి వినబడుతుంది. మూర్తి గారు లేచి చేతులు కట్టుకుని నిలబడ్డారు. వీర్రాజు గారు తువ్వాలుతో కళ్ళొత్తుకున్నారు.

పాట వీధిలోకి వెళ్ళింది. వీధి మా ఇంట్లోకి వచ్చింది.

"ఎప్పుడండీ?" అని నా చెయ్యి పట్టుకున్నారు ఎదురింటి అచ్చయమ్మ గారు.

"ఏదండీ?"

"అదే. పోవడం."

"ఎవరూ పోలేదండీ. సరదాగా పాటలు వింటున్నాం."

"ఆయ్. దుఃఖం అణుచుకున్నవాళ్ళు అలాగే అంటారు నాయనా."

నా ఉపన్యాసం ఆవిడకెవరు చెప్పేరో నాకు తెలియదు. ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించకూడదని, ఇరుగింటివాళ్ళు అన్నం, పొరుగింటివాళ్ళు చారు, అచ్చయమ్మ గారు వంకాయకూరా పంపించేరు. పోయినవారెవరో తెలియకపోయినా, చాలా మంచివారని అందరూ ఒప్పుకున్నారు.

శ్రోతలు ముగ్గురూ వెళుతూ వెళుతూ గుమ్మంలో నిలబడి, "చాలా బాగుందండీ," అన్నారు. రెండో వైపు ఊసు ఎవరూ ఎత్తలేదు. వీర్రాజు గారు మాత్రం నా చెవిలో, "ఇప్పుడనమంటారా?" అన్నారు. వద్దన్నాను.

"వంట తప్పింది," అంది విజయకుమారి, గిన్నెలు సర్దుకుంటూ. "బల్ల కూడా ఖాళీ చేస్తే బాగుంటుంది."

"రేపు దించేస్తాను."

నేను గిన్నెల వైపు చూస్తూ కూర్చున్నాను. బల్ల పోయినందుకు కాదు. ఇంత ఊళ్ళో ఒక్క మనిషి లేకపోయేడు.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చి భోంచేసి, ప్రతి వారంలా నడుం వాల్చకుండా రికార్డు ప్లేయరు తీగ విప్పబోయేను.

"ఆగండి. దించే ముందు ఓసారి వేద్దాం," అంది ఆవిడ.

తనే రికార్డు తీసింది. అంచులు పట్టుకుని తీసింది, పైట చెంగుతో ఒక్క తుడుపు తుడిచింది, చప్పుడు కాకుండా ముల్లు దింపింది. ఇంత చెయ్యి తిరగడం ఒక్క రోజులో వచ్చేది కాదని నాకు అనుమానం తగిలేలోపే పాట మొదలైంది.

సాక్సొఫోను నూతిలోంచి కాదు, కొబ్బరిచెట్టు మీంచి పిలిచింది. డ్రమ్ములు చెప్పులు విసిరేసి పరుగెత్తేయి. పాడే ఆయన నిజంగానే నవ్వుతూ పాడుతున్నాడు.

"ఇదేం రికార్డు?"

"మీదేనండీ."

"దీనికేమైంది?"

"దానికేం కాలేదు. సాయంత్రం ఊరంతా దీపాలు వేస్తే కరెంటు చాలదు. రికార్డు కింద పళ్ళెం ఈడ్చుకుంటూ తిరుగుతుంది. పగలైతే నిండుగా వస్తుంది. రోజూ ఆ బల్బు కిందే కూర్చుంటారు కదా, ఎప్పుడూ అనుమానం రాలేదూ?"

వచ్చింది. కుంగుబాటుకి తగిన వెలుతురనుకున్నాను.

"ఇక్కడ వినండి," అంది, వేలు పైకెత్తి. "డ్రమ్ములాయన ఒక దెబ్బ కావాలనే వదిలేస్తాడు. ఆ ఖాళీలోంచి మిగతావాళ్ళు గెంతుతారు. విన్నారా? మా బృందానికి నేను నెత్తీనోరూ కొట్టుకుని చెప్పేది ఇదే. అన్నీ నింపెయ్యకండర్రా, కాస్త ఖాళీ వదలండి అని."

"నువ్వు దీన్ని ఎన్నాళ్ళనుంచి..."

"మీరు కాలేజీకెళ్ళేక, బియ్యంలో రాళ్ళేరుకుంటూ."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు ఊరందరినీ పిలిచి అడిగేరు. నన్నెప్పుడడిగేరండీ?"

తల వంచుకున్నాను. చీర అంచు కింద ఆవిడ బొటనవేలు తాళం వేస్తోంది. పట్టపగలు, ఒక్క దోమ లేదు.

"నా ఉపన్యాసం పిల్లలు రాసేసుకున్నారు కుమారీ."

"మార్కులు కూడా వేసేసుంటారు మీరు."

మొదటి వైపు ముగిసింది. ఆవిడ నా వంక తిరిగి, "రెండో వైపు వెయ్యండి," అంది.

నాకు అప్పుడు వెలిగింది. "అడిగేవు. నోరు తెరిచి అడిగేవు. పందెం నాదే."

"ఆయ్, మీదే. బల్ల మీ పెట్టెకే. పగలంతా."

"సాయంత్రం?"

"సాయంత్రం అది మూలుగుతుంది. మూలిగితే మరియమ్మ గారు ప్రార్థన చేస్తారు, అచ్చయమ్మ గారు కూర పంపుతారు. నా హార్మోనియానికి కరెంటు అక్కర్లేదండీ."

"పగలు నేను కాలేజీలో ఉంటాను కదా."

"నేనింట్లోనే ఉంటాను కదా."

ఎటు తిప్పి చూసినా న్యాయంగానే ఉంది. వసారాలోకెళ్ళి హార్మోనియం నేనే ఎత్తుకొచ్చి, సాయంత్రానికి సిద్ధంగా గోడవార పెట్టేను. తర్వాత రెండో వైపు వేసేను. ఆదివారాలు నాకూ ప్రవేశం ఉందని ఆవిడ దయతో ఒప్పుకుంది.

రెండో వైపు అయిపోయింది. "ఎలా ఉంది?" అంది.

"బాగుంది."

"ఆ మాట లెక్కలోకి రాదని చెప్పేను."

"అయితే మళ్ళీ మొదటి వైపు వెయ్యి," అన్నాను.