మొన్నటి రేవులో మూడో సైనికుడు

శుక్రవారం పొద్దున కాఫీ తాగుతూ వెంకటప్పయ్య గారు ఆదివారానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్ల చొక్కా ఇస్త్రీకి ఇవ్వాలి, క్షవరం చేయించుకోవాలి, ఆదివారం సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర ఫంక్షన్ హాలుకి వెళ్ళి శాలువా కప్పించుకుని రావాలి. మైలవరం వైపు ఒక సహకార సంఘంలో ఆయన గుమాస్తాగా చేరి సూపర్‌వైజరుగా రిటైరయ్యారు. ఆనాటి ఉద్యోగులంతా కలిసి ఆయనకు ‘ఆదర్శ ఉద్యోగి’ అన్న బిరుదు ఇవ్వబోతున్నారు. సర్వీసు మొత్తంలో ఒక్కరోజు కూడా ఆఫీసు ఎగ్గొట్టని మనిషి అని ఆయనకు పేరు. ఆ సంగతి మొదట ఎవరు కనిపెట్టారో తెలియదుగానీ, ఆయనే ఎక్కువసార్లు చెప్పారు.

ఆయన దగ్గరే ఉండి ఇంజినీరింగ్ చదువుకుంటున్న మనవరాలు చిన్ని, ఫోను చూసుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

“తాతయ్యా, ఆదివారం మార్నింగ్ షోకి మనం ముగ్గురం. టిక్కెట్లు తీసేశాను. ‘మొన్నటి రేవు’ మళ్ళీ రిలీజ్ చేస్తున్నారు.”

కాఫీ ఆయన గొంతులో ఒక్క క్షణం ఆగి, ఏదో ఆలోచించుకున్నట్టు నెమ్మదిగా కిందికి దిగింది.

‘మొన్నటి రేవు’ ముప్పై ఏళ్ళ నాటి హాస్య చిత్రం. నిశ్చితార్థానికి బయల్దేరిన పెళ్ళికొడుకు కృష్ణ దాటడానికి బల్లకట్టు ఎక్కుతాడు. అవతలి ఒడ్డున దిగేసరికి కాలం వెనక్కి పోయి, కొండపల్లిలో రాజులు ఏలుతుంటారు. తాంబూలాల వేళకి తిరిగి రావడానికి అతను పడే పాట్లే కథ. ఆ సినిమా వెనక కథలన్నీ చిన్నికి నోటికొచ్చు. వాటికోసం ఆన్‌లైన్లో ఒక పేజీ కూడా నడుపుతోంది.

“ఏనుగు సర్కస్‌ది తాతయ్యా. దానికి నీళ్ళంటే భయం. అందుకే రాజుగారు నది దాకా ఏనుగు మీద వచ్చి, అక్కణ్ణించి నడిచి వెళ్తారు. డైరెక్టరుగారు రాజుగారి వినయం చూపించారని అప్పట్లో పేపర్లో రాశారంట. వాన పాటకి నీళ్ళు ఫైరింజనువి. ఆ రోజు నిజంగా వానొస్తే షూటింగు ఆపేశారు.”

“అవునా,” అన్నారు వెంకటప్పయ్య గారు.

“సైనికులు మాత్రం మద్రాసు వాళ్ళు కాదు. బడ్జెట్టు లేక మన చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళకే మీసాలు అంటించి నిలబెట్టారంట.”

ఈసారి ఆయన కాఫీ కప్పులోకి చూసుకున్నారు. ఎందుకంటే ఆ మీసాల్లో ఒకటి ఆయనది.

షూటింగు జరిగిన ఆ రోజు ఆయన ఇంట్లో ఆఫీసుకని చెప్పారు. ఆఫీసులో క్యాంపుకని చెప్పారు. క్యాంపు అంటే ఊళ్ళ మీదకు వెళ్ళి బాకీలు వసూలు చేసుకురావడం. వెళ్ళినవాణ్ణి సాయంత్రం దాకా ఎవరూ వెతకరు. అటెండరు శౌరయ్యకు మాత్రం నిజం తెలుసు. హీరోయిన్ని దగ్గరగా చూడవచ్చని ఆశపడి కొండపల్లి బస్సెక్కిన మనిషిని, పొడుగ్గా ఉన్నాడని వరసలో మూడోవాడిగా నిలబెట్టారు. సినిమా టీవీలో వేసినప్పుడల్లా ప్రింటు పాతది కాబట్టి సైనికులందరి ముఖాలూ ఒకే పిండిముద్దలా కనిపించేవి. ఆ ధైర్యంతోనే ఇన్నేళ్ళు గడిచాయి.

“ఈసారి కొత్త ప్రింటు,” అంది చిన్ని. “ఫ్రేము ఫ్రేమూ కడిగారు. మీసాలకు రాసిన జిగురు కూడా కనిపిస్తుందంట.”

వెంకటప్పయ్య గారు కప్పు కింద పెట్టారు. “నాకు థియేటర్లో ఏసీ పడదమ్మా. తల దిమ్మెక్కుతుంది.”

వంటింట్లోంచి ఆయన భార్య మాణిక్యమ్మ గారు కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు. “అయితే మీరు ఇంట్లోనే ఉండండి. చారు పెట్టేసి మేమిద్దరం వెళ్ళొస్తాం. ఈ సినిమా నేను హాల్లో చూళ్ళేదు.”

తను లేకుండా వాళ్ళిద్దరూ చూడటం ఇంకా ప్రమాదం. పక్కనుంటే కనీసం ఆ సీను వచ్చినప్పుడు ఏదో ఒకటి కింద పారేసి వెతికించవచ్చు. తల దిమ్ము తగ్గినట్టే ఉందని ఆయన వెంటనే ప్రకటించారు.

మధ్యాహ్నానికి ఇంకా మంచి ఉపాయం తట్టింది. సన్మానాన్నే ఆదివారం పొద్దుటికి మారిస్తే సినిమా దానంతటదే పోతుంది. విశ్రాంత ఉద్యోగుల సంఘం అధ్యక్షుడు రామకోటేశ్వరరావు గారికి ఫోను చేశారు. ఆయన ఒకప్పుడు వెంకటప్పయ్య గారి పై అధికారి. మనిషి మంచివాడు, ఏ విషయమైనా సగం వినగానే మిగతా సగం తనే పూర్తి చేస్తాడు.

“పొద్దుటికి మార్చడం దేనికయ్యా?”

“మా చిన్ని పొద్దున సినిమాకి టిక్కెట్లు తీసిందండీ. మళ్ళీ సాయంత్రం బయల్దేరాలంటే మా ఆవిడకి కష్టం. పొద్దున మీటింగు పెట్టేస్తే సినిమా మానేస్తారు.”

“ఏం సినిమా?”

“ఏదో పాతదండీ. ‘మొన్నటి రేవు’.”

అవతలి గొంతు ఇరవై ఏళ్ళు చిన్నదయింది. “మన కొండపల్లిలో తీసింది కదయ్యా. అది మానేస్తానంటావేమిటి? ఒక పని చేద్దాం. ఆ థియేటర్ మేనేజరు బాలశౌరి మా వియ్యంకుడికి స్నేహితుడు. మనవాళ్ళందరికీ టిక్కెట్లు పెట్టిస్తాను. నీ సన్మానం అక్కడే, స్టేజీ మీదే. హాలు అద్దె కూడా మిగులుతుంది. ఎంత మంచి ఆలోచన ఇచ్చావయ్యా.”

అంటే ఇప్పుడు ఇంట్లోవాళ్ళతో బాటు, ఆయన ఏనాడూ ఆఫీసు ఎగ్గొట్టలేదని సాక్ష్యం చెప్పడానికి వస్తున్నవాళ్ళందరూ ఒకే చోట కూర్చుని, ఆయన ఆఫీసు ఎగ్గొట్టిన రోజును పెద్ద తెర మీద చూడబోతున్నారు. బిరుదు పోతే పోనీ, ఆ తర్వాత మాణిక్యమ్మ ముఖం చూడాలి. ఆ ఆలోచన దగ్గర వెంకటప్పయ్య గారికి నిజంగానే తల దిమ్మెక్కింది.

శనివారం పొద్దున క్షవరానికని చెప్పి నేరుగా గాంధీనగర్‌లోని థియేటరుకు వెళ్ళారు. మేనేజరు బాలశౌరి కుర్చీ వేసి, టీ తెప్పించాడు.

“ఇంటర్వెల్ తర్వాత యుద్ధం సీను ఉంటుంది కదండీ,” అన్నారు వెంకటప్పయ్య గారు. “వచ్చేవాళ్ళందరూ పెద్దవాళ్ళు. బీపీలూ అవీ ఉంటాయి. ఆ ముక్క తీసేస్తే బావుంటుందేమో.”

“అది తీసేస్తే జనం నా కుర్చీలు తీసేస్తారు సార్,” అన్నాడు బాలశౌరి. “అందరూ వచ్చేదే దానికి. సైన్యం బజారు వీధిలో నడిచే సీనులో పెద్ద తప్పు దొర్లింది కదా, ఆ ఫ్రేము దగ్గర బొమ్మ ఆపేస్తాం. లైట్లు వేసి క్విజ్జు పెడతాం. రెండుసార్లు లైట్లు వెయ్యడం దేనికని మీ సన్మానం కూడా అప్పుడే పెట్టాను.”

“ఏమిటండీ ఆ తప్పు?”

“ఇప్పుడే చెప్పేస్తే క్విజ్జు ఏముంటుంది సార్? ఆ కాలంలో ఉండకూడని వస్తువు ఒకటి ఉంటుంది. పాత ప్రింటులో తళుక్కుమనేది అంతే. ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది.”

వెంకటప్పయ్య గారు టీ వదిలేసి తన ఎడమ మణికట్టు వైపు చూసుకున్నారు. ఆ రోజు మీసం పెట్టారు, కిరీటంలాంటి టోపీ పెట్టారు, బల్లెం ఇచ్చారు. పెళ్ళిలో మామగారు పెట్టిన గడియారాన్ని మాత్రం విప్పమని ఎవరూ చెప్పలేదు, విప్పాలని ఆయనకూ తోచలేదు. ముఖాన్ని ఎవరైనా మర్చిపోవచ్చు. పుట్టింటివాళ్ళు పెట్టిన గడియారాన్ని మాణిక్యమ్మ మర్చిపోదు.

క్షవరం చేయించుకోకుండానే ఇంటికి వచ్చారు. అడిగితే షాపు మూసి ఉందన్నారు. అదే షాపులో గంట క్రితం చిన్ని స్నేహితుడు జుట్టు కత్తిరించుకున్నాడని ఆ పిల్ల అంది. మాణిక్యమ్మ గారు ఆయన వంక ఒకసారి చూసి, బెండకాయలు తరగడంలో పడ్డారు.

ఆదివారం థియేటరు ముందు కాగితం పూలూ డప్పులూ. రామకోటేశ్వరరావు గారు సంఘం సభ్యులందరినీ ఒకే వరసలో కూర్చోబెట్టి, శాలువా ఉన్న సంచీ ఒళ్ళో పెట్టుకున్నారు. సినిమా మొదలైంది. జనం హీరోకంటే ముందే డైలాగులు చెప్పేస్తున్నారు. ఏనుగు నది దగ్గర ఆగినప్పుడు చిన్ని పక్కకి వంగి, “చెప్పానా,” అంది. మాణిక్యమ్మ గారు పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. ఆమె అలా నవ్వి చాలా రోజులయిందని వెంకటప్పయ్య గారికి అనిపించింది. ఆ నవ్వు ఇంకెంతసేపు ఉంటుందో అన్న దిగులుతో సమోసా కూడా రుచించలేదు.

ఇంటర్వెల్ అయ్యింది. బూరలు మోగాయి. వీధి చివర సైన్యం కనిపించింది.

“మాణిక్యం, గొంతు ఆరిపోతోంది. బయటికెళ్ళి నీళ్ళు తాగొద్దాం రా.”

“సీసా మీ కాళ్ళ దగ్గరే ఉంది. కూర్చోండి.”

మొదటి సైనికుడు వచ్చాడు. రెండోవాడు వచ్చాడు. వెంకటప్పయ్య గారు కళ్ళు మూసుకుని సీట్లో కిందికి జారారు. బొమ్మ ఆగింది. లైట్లు వెలిగాయి. థియేటరంతా ఈలలు.

“ఇదుగో,” మైకులో బాలశౌరి గొంతు. “ఐదువందల ఏళ్ళ క్రితం బజారులో స్టీలు క్యారేజీ పట్టుకున్న ఈవిడ ఎవరు?”

వెంకటప్పయ్య గారు ఒక కన్ను తెరిచారు.

తెర మీద బాణం గుర్తు ఉంది. అది ఆయన మీద లేదు. వెనక జనంలో, పూల చీర కట్టుకుని, చేతిలో మూడు గిన్నెల క్యారేజీతో నిలబడ్డ యువతి మీద ఉంది.

“ఈవిడ కూడా భవిష్యత్తు నుంచే వచ్చిందని, రెండో భాగానికి డైరెక్టరుగారు ఇచ్చిన సూచన అని మా పేజీలో పెద్ద వాదన,” అని చెప్పుకుపోతున్న చిన్ని మధ్యలో ఆగిపోయింది. తెరవైపూ అమ్మమ్మవైపూ మార్చి మార్చి చూసింది. “అమ్మమ్మా, ఆ ముక్కుపుడక నీది.”

“చీర కూడా నాదే,” అన్నారు మాణిక్యమ్మ గారు.

తర్వాత ఏం జరుగుతోందో తెలిసేలోపలే ఆమెను స్టేజీ ఎక్కించేశారు. ఆమె బెదరలేదు. మైకును గరిటె పట్టుకున్నట్టు పట్టుకున్నారు.

“క్యారేజీలో ఏముందమ్మా?” అడిగాడు బాలశౌరి.

“దోసకాయ పప్పు, కాకరకాయ వేపుడు, పెరుగన్నం.”

అభిమానులు ఈలలు వేశారు. రెండో భాగం మీద ఆశలు పెట్టుకున్న ఒకతను మాత్రం తల పట్టుకున్నాడు.

“ఎవరికి తీసుకెళ్తున్నారు?”

“మా ఆయనకి. ఆఫీసుకెళ్తే కొండపల్లి క్యాంపుకెళ్ళారని అటెండరు చెప్పాడు. బస్సెక్కి వచ్చాను. అక్కడ ఎవరో ‘నడువమ్మా, ఆగకు’ అని అరిచారు. నడిచాను.”

హాలు నవ్వింది. సంఘం వరసలో రామకోటేశ్వరరావు గారు మాత్రం నవ్వలేదు. “కొండపల్లి మన పరిధిలో లేదే,” అన్నారు తనలో తను.

ఇంతలో చిన్ని కింద నుంచే అడిగింది. “అమ్మమ్మా, అందరూ రాజుగారి వైపు చూస్తున్నారు. నువ్వెటు చూస్తున్నావు?”

వెంకటప్పయ్య గారు అప్పుడు తెరను పూర్తిగా చూశారు. నిజమే, వీధి మొత్తం రాజుగారి వైపు చూస్తోంది, ఇద్దరు తప్ప. వరసలో మూడో సైనికుడు నోరు తెరిచి, మేడ మీదున్న హీరోయిన్ని చూస్తున్నాడు. క్యారేజీ పట్టుకున్న యువతి ఆ మూడో సైనికుణ్ణి చూస్తోంది. గడియారం ఎండకు మెరుస్తోంది. ముప్పై ఏళ్ళ నుంచీ ఆమె అక్కడే నిలబడి ఉంది. ఇప్పుడు ఒక్క మాట అంటే చాలు.

మాణిక్యమ్మ గారు తెర వైపు తిరిగి కాసేపు చూశారు. మళ్ళీ మైకు వైపు తిరిగారు.

“ఏనుగుని,” అన్నారు.

ఏనుగు ఆ వీధిలోనే లేదు. కానీ అప్పటికే రామకోటేశ్వరరావు గారు సంచీతో సహా స్టేజీ ఎక్కి మైకు అందుకున్నారు. “విన్నారా? కొండపల్లి మా పరిధి కాదు. అయినా వెళ్ళి వసూలు చేశాడంటే ఆ మనిషి అంకితభావం ఎలాంటిది? సరే, అతని సంగతి మనకు తెలిసిందే. అన్నం తినకుండా తిరుగుతాడని, పరిధి దాటి వెతుక్కుంటూ వచ్చిన ఈ తల్లి సంగతి మనకు ఇన్నాళ్ళూ తెలియలేదు. ఆదర్శం అంటే ఇది.”

శాలువా ఒక్కటే తెచ్చారు. దాన్ని మాణిక్యమ్మ గారికి కప్పారు. థియేటరంతా లేచి నిలబడింది. అందరికంటే ముందు లేచి, అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టిన మనిషి వెంకటప్పయ్య గారు.

చిన్ని స్నేహితులతో ఆగిపోయింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఇద్దరే. ఏలూరు కాలువ దాటాక ఆయన అడిగారు.

“నన్ను చూశావా ఆ రోజు?”

“మీరొక్కరే బల్లెం తలకిందులుగా పట్టుకున్నారు. కనబడక ఏం చేస్తారు?”

“మరి క్యారేజీ ఇవ్వకుండా వెళ్ళిపోయావే.”

“యుద్ధంలో ఉన్నారు కదా. అక్కడే ఒక రాయి మీద కూర్చుని నేనే తినేశాను. వేపుడు బాగా కుదిరింది ఆ రోజు.”

“ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదేం మాణిక్యం?”

“అడిగితే క్యాంపులకెళ్ళడం మానేస్తారని,” అన్నారామె. “మీరు ఇంట్లో ఉంటే రేడియో పెట్టనిచ్చేవారు కాదు. మధ్యాహ్నం పడుకుంటే గడియారం చూసేవారు. సెలవు రోజుల్లో నెలకో రెండు క్యాంపులు పడితే నాకూ కాస్త హాయిగా ఉండేది.”

ఆయన జరిగి దగ్గరగా కూర్చుని, చనువుగా ఆమె భుజం మీద చెయ్యి వేశారు.

“కాస్త అటు జరగండి,” అన్నారు మాణిక్యమ్మ గారు. “శాలువా నలుగుతోంది.”