ఇంటింటికీ మోరీ

ఉప్పల్ నుంచి నాచారం దాకా ఉన్న ప్రాంతాన్ని ప్రపంచ కాగితపు పూసల రాజధానిగా తీర్చిదిద్దుతున్నట్టు చైర్మన్ లక్ష్మీకాంత్ గారు ఒక మంగళవారం పొద్దున ప్రకటించారు. ప్రపంచానికి ఈ సంగతి వెంటనే తెలియలేదు గానీ ఉప్పల్ మెట్రో పిల్లర్లకు తెలిసింది. మధ్యాహ్నానికల్లా నాలుగు పిల్లర్లకు ఫ్లెక్సీలు వెలిశాయి.

లక్ష్మీకాంత్ గారు గృహ కాగితకళల ప్రోత్సాహక సంస్థకు చైర్మన్. ఆయన ఎమ్మెల్యే టికెట్ అడిగితే పార్టీ ఆయన సేవలను గుర్తించి ఈ సంస్థను ఇచ్చింది. ఇలాంటి సంస్థ ఒకటుందని అప్పటిదాకా ఆయనకు తెలియదు. ఐనా పెద్దల మాట జవదాటకుండా ఆ సాయంత్రమే కారుకు బోర్డు పెట్టించుకున్నారు.

రాజధాని అన్నాక జనం ఉండాలి కదా. కార్యకర్తలు రెండు రోజులు గాలించగా, ఇంట్లో కూర్చుని కాగితమూ పూసలూ చేసే మనిషి నాచారంలో ఒకావిడ దొరికింది. పేరు మార్తమ్మ. భర్త అబ్రహాం ఇండస్ట్రియల్ ఏరియాలో వాచ్‌మన్. చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళు నేర్పిన పనిని మిగతా వాళ్ళంతా క్రిస్మస్ కాగానే మరిచిపోతే, ఈవిడ ఒక్కతే పట్టుకుంది.

చిత్తుకాగితాలు టబ్బులో నానబెట్టి, పాత మిక్సీలో గుజ్జు చేసి, జాలీ చట్రంతో పొరలా పైకెత్తి, గుడ్డ మీద బోర్లించి ఆరబెడితే జొన్నరొట్టె మందాన కాగితం తయారవుతుంది. పూసలకు ఆ కాగితం పనికిరాదు. వాటికి పల్చటి కాగితాన్ని పొడుగ్గా, ఒక కొస సన్నగా ఉండేట్టు కత్తిరించి, చీపురుపుల్లకు చుట్టి, గమ్ము అంటించి, పైన వార్నిష్ పూయాలి. మందపు కాగితం ఎంత చుట్టినా మళ్ళీ విప్పుకుంటుంది. అందుకని మార్తమ్మ దృష్టిలో లోకంలోని కాగితాలు రెండే రకాలు: చుట్టుకునేవి, చుట్టుకోనివి. పెళ్ళిపత్రిక ఎంత గొప్పింటిదైనా ఆమె దగ్గర విలువ లేదు.

ఆమెకు ఉన్న కష్టం ఒకటే. రోడ్డు మీద రోడ్డు వేసీ వేసీ ఆమె ముందుగది గల్లీ కన్నా అడుగు కిందికి పోయింది. గల్లీ మొదట్లో మ్యాన్‌హోల్ పూడిపోయింది. మబ్బు పట్టిందంటే చాలు, మోరీ, అంటే మురికి కాలువ, తిన్నగా ఇంట్లోకి వస్తుంది. వారం కష్టపడి చేసిన కాగితం ఒక్క వానకు మళ్ళీ గుజ్జవుతుంది. మార్తమ్మకు మేడలొద్దు, బిరుదులొద్దు. ఆ మ్యాన్‌హోల్ తీయిస్తే చాలు.

చైర్మన్ గారు స్వయంగా ఆమె ఇంటికి వేంచేశారు. గల్లీలో నీళ్ళు నిలిచి ఉండడంతో కార్యకర్తలు ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేశారు. ఆయన ఒక కుర్చీ మీద నుంచి ఇంకో కుర్చీ మీదికి అడుగులు వేస్తూ గుమ్మం చేరారు. ఒక్క పూటలో పదకొండు కుర్చీలు ఎక్కిన నాయకుడు ఆ పార్టీలో ఇంకొకరు లేరు.

"ఏంది అక్కా, ఇంట్ల గీ వాసన?" అన్నారు.

"మోరీ సార్. వానొస్తె లోపలికొస్తది. మ్యాన్‌హోల్ తీస్తలేరు. కాగితం ఆరబెట్టనీకి జాగ లేదు."

"అర్జీ ఇచ్చినవా?"

"ఏడు ఇచ్చిన సార్."

లక్ష్మీకాంత్ గారి ముఖం వెలిగిపోయింది. వెనక్కి తిరిగి కార్యకర్తలతో, "సూడుండ్రి, ఏడు. ప్రభుత్వం మీద నమ్మకమంటె గిది. అక్కా, నమ్మకం పోగొట్టుకోకు. ఎనిమిదోది గూడ ఇయ్యి," అన్నారు. అక్కడికక్కడే ఆమెను మాస్టర్ ట్రైనర్‌గా నియమించి, వచ్చిన కుర్చీల మీదుగానే తిరిగి వెళ్ళారు.

గల్లీ చివర ఒక విలేకరి, ప్లాస్టిక్ పూసలను కూడా ప్రోత్సహిస్తారా అని అడిగాడు. పర్యావరణం మీద మక్కువ ఉన్న మనిషి కావడంతో ఆయన తడుముకోకుండా జవాబిచ్చారు. "లేదు. మా పథకం కాగితాలకే పరిమితం."

మర్నాడు పేపర్లో అదే హెడ్డింగు వచ్చింది. ప్రతిపక్షం వాళ్ళు ఆ ముక్క కత్తిరించి ఊరంతా పంచారు. ఖర్చు లేకుండా ప్రచారం చేసిపెడుతున్నారని చైర్మన్ గారు సంతోషించి, అదే మాటను ఇంకో నాలుగు పిల్లర్లకు ఎక్కించారు. అబ్రహాం డ్యూటీ నుంచి వస్తూ అది చదివి, "జిందగీల మొదటిసారి ఒక లీడర్ ఉన్నదున్నట్టు చెప్పిండు," అని భార్యతో అన్నాడు.

ఇక మిగిలింది ముడిసరుకు. ఆ బరువు స్పెషల్ ఆఫీసర్ జనార్ధనరావు గారి మీద పడింది. ఏలూరు మనిషి. ఒక పెద్ద కర్మాగారంలో ప్లానింగ్ విభాగంలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరై, మళ్ళీ ఇక్కడ కుదురుకున్నారు. సంస్థ ఆఫీసు ఉప్పల్లో ఒక భవనంలో ఉంది. పక్క గదిలో అర్జీల విభాగం. దానికీ ఆయనే ఇన్‌చార్జి. ఈ గదిలో పూసలకు కాగితం లేదు, ఆ గదిలో బీరువాలు పట్టనంత కాగితం ఉంది. ఇన్నాళ్ళూ గోడకు అటూ ఇటూ ఉండి కూడా ఈ రెండు సమస్యలు ఒకదాన్నొకటి కలుసుకోకపోవడం ఆయనకు వింతగా తోచింది.

"అర్జీని డిస్పోజ్ చెయ్యాలని రూల్లో ఉందండి. ఎలా చెయ్యాలో లేదు," అని ఆయన చైర్మన్ గారికి వివరించారు.

"ప్రజల కాగితం ప్రజలకే పోతది అంటున్రు."

"పూసై పోతుందండి."

ఆఫీసు సిబ్బందికి మార్తమ్మ చేత మూడు రోజుల శిక్షణ ఇప్పించారు. సోమవారం సోమవారం కౌంటర్లో అర్జీలు తీసుకునే ఆపరేటర్ ధీరజ్ అందరికన్నా బాగా నేర్చుకున్నాడు. పాత న్యూస్‌పేపర్లతో నేర్పుతూ మార్తమ్మ, "వేలితోని రుద్ది సూడు బిడ్డా, మూల మడిచి సూడు. మందముంటె ముట్టకు, చుట్టుకోదు," అని చెప్పింది. అర్జీ పట్టుకుని వెళ్తే కుర్చీ కూడా వేయని ఆఫీసులో తనను మేడం అంటుంటే ఆమెకు సంబరంగానే ఉంది.

నాలుగో రోజు ముడిసరుకు ఆమె ఇంటికొచ్చింది, ఆరు బస్తాలు. శనివారం సభలో చైర్మన్ గారి మెడలో వేయడానికి వెయ్యి పూసల దండ కావాలట. మార్తమ్మ చాప పరిచి, కత్తెర తీసుకుని, మొదటి బస్తా విప్పింది. కాగితాలు పల్చగా, ఆమెకు కావలసినట్టే ఉన్నాయి. ఒక ముసలాయన పెన్షను, ఒక బడికి టీచరు, ఎవరిదో రేషన్ కార్డులో తప్పుపడిన పేరు. చదువుతున్న కొద్దీ కత్తెర ఆడలేదు. మూడో బస్తాలో పిన్ను కొట్టిన ఏడు కాగితాలు దొరికాయి. పెద్ద పెద్ద అక్షరాలు, ఏడో తరగతి చేతిరాత. తనదే. వాటి మీద ఒక సంతకం గానీ ముద్ర గానీ లేదు. ఏడుసార్లు పని మానుకుని, రెండు ఆటోలు మారి వెళ్ళి ఇచ్చిన కాగితాలు. ఆమెకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది, ఆ వెనకే ఒళ్ళు మండింది.

అంతలో ఫోన్ మోగింది. మెసేజ్. "మీ అర్జీ పరిష్కరించబడినది. మా సేవలకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?"

మార్తమ్మ జనార్ధనరావు గారికి ఫోన్ చేసింది. "సార్, నా అర్జీ పరిష్కారమైందని వచ్చింది. అర్జీ జూస్తె నా చేతులనే ఉన్నది."

"మీ చేతిలోనే ఉందా అండి? చూశారా మరి. చాలా ఆఫీసుల్లో ఫైలు ఎక్కడుందో దేవుడికి కూడా తెలియదు. మేం అర్జీదారు ఇంటికే చేర్చాం," అన్నారాయన నిజమైన ఆనందంతో.

ఆ రాత్రి అన్నం ముందు పెట్టుకుని మార్తమ్మ ఒక నిర్ణయానికొచ్చింది. దండ మధ్యలో, అన్నిటికన్నా లావుగా ఏడు పూసలు పెడుతుంది. అవి తన అర్జీలతోనే చేస్తుంది. సన్నటి కొస పైకి వస్తుంది కాబట్టి, ఆ కొస మీద "మోరీ" అన్న మాట పడేట్టు కత్తిరించింది. దండ మెడలో పడ్డాక చైర్మన్ గారు ఒక్కసారి తల దించితే చాలు, ఏడుసార్లు కనబడుతుంది.

శనివారం ఉప్పల్ ఫంక్షన్ హాల్లో సభ జరిగింది. పెండింగ్ అర్జీలు సున్నా అని ప్రకటించి జనార్ధనరావు గారికి శాలువా కప్పారు. దండ వేశారు. లక్ష్మీకాంత్ గారు తల దించలేదు. ఎదురుగా కెమెరాలున్నాయి. తల దించి చూసినవారు జనార్ధనరావు గారు. కళ్ళజోడు సవరించుకుని ఆ ఏడు పూసల మీదా ఉన్న మాట చదివారు. వాళ్ళ ఏలూరు వైపు ఆ మాట లేదు.

"మోరీ... బ్రాండ్ నేమ్ చాలా బాగుందమ్మా. జపాన్ పేరులా ఉంది," అని మార్తమ్మను మెచ్చుకుని, మైకు దగ్గరికి వెళ్ళి, మన పూసలు ఇకపై మోరీ పేరుతో విదేశాలకు వెళ్తాయని ప్రకటించేశారు.

లక్ష్మీకాంత్ గారు బోడుప్పల్లో పుట్టి పెరిగినవారు. మోరీ అంటే ఏమిటో ఆయనకు తెలుసు. కానీ అప్పటికే ముందువరస చప్పట్లు కొట్టింది. ఆయనా కొట్టారు.

బయట వాన మొదలైంది. మార్తమ్మ చేతిలో ఫోన్ మోగింది, అవతల అబ్రహాం. అప్పుడే ఎవరో ఆమె ముందు మైకు పెట్టి రెండు మాటలు చెప్పమన్నారు. ఫోన్లో విన్నది ఇంకా చెవిలోనే ఉంది. ఆమె అదే చెప్పింది.

"సార్, మా ఇంట్లకు మోరీ వచ్చింది."

హాలు దద్దరిల్లింది. చైర్మన్ గారు మైకు అందుకుని, "గీ ఒక్క ఇంటికి గాదు. ఇంటింటికీ మోరీ. గదే మా లక్ష్యం," అన్నారు. ఆ హామీ మాత్రం వానాకాలం వెళ్ళకముందే ఆ గల్లీలో చాలావరకు నెరవేరింది.

మార్తమ్మ ఇల్లు చేరేసరికి ఆరబెట్టిన కాగితమంతా గుజ్జయింది. బీరువా పైన పెట్టిన ఒక్క షీటు మిగిలింది. ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, ఆ షీటు మీద ఎనిమిదో అర్జీ రాసింది. జొన్నరొట్టె మందం. దీన్ని భూమ్మీద ఎవరూ చుట్టలేరని ఆమెకు తెలుసు.

సోమవారం గంటన్నర లైన్లో నిలబడి కౌంటర్ దగ్గరికి వచ్చింది. ధీరజ్ లేచి నమస్తే పెట్టి, అర్జీ అందుకున్నాడు. చదవలేదు. బొటనవేలితో రుద్దాడు. మూల మడిచి చూశాడు.

"మేడం, మీరే గద నేర్పిన్రు. గింత మందముంటె చుట్టుకోదు."

"అందుకే దాని మీద రాసిన బిడ్డా."

ధీరజ్ ఆ కాగితాన్ని రెండు చేతులతో, గురువుకు ఇచ్చినట్టు, ఆమెకు తిరిగి ఇచ్చాడు.

"తీసుకోనీకి రాదు మేడం. పల్చటి దాని మీద రాసుకరాండ్రి, పొద్దూకేలోపు పరిష్కారం చేస్త."