కేదార భూపతి గారికి శాలువా

ఆ గురువారం పొద్దున్న అచ్చిబాబు పెట్టుకున్న పనులు మూడు. టీ తాగడం, మిడిల్ పాయింట్‌లో తన ఎలక్ట్రికల్ షాపు తెరవడం, సాయంత్రంలోగా ఒక గొప్ప మనిషిని వెతికి పట్టుకోవడం. మొదటి రెండూ రోజూ చేసేవే. మూడోది మాత్రం పదకొండు నెలలుగా రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటూ వచ్చాడు.

తప్పంతా అతని నోటిదే. పోర్ట్ బ్లెయిర్‌లో అతను సెక్రటరీగా ఉన్న తెలుగు సంఘం ఏటా ఒక ఉత్తముడికి శాలువా కప్పుతుంది. వరుసగా మూడేళ్ళు ఆ శాలువా కాంట్రాక్టర్ గణపతికే వెళ్ళింది. భోజనాలు పెట్టించేది ఆయనే మరి. కిందటేడు మూడోసారి కప్పుతుంటే అచ్చిబాబుకి ఒళ్ళు మండింది. మైకు లాక్కుని, "వచ్చే ఏడాది నిజమైన అర్హుడికి ఈ శాలువా కప్పించకపోతే నా పదవి వదిలేస్తాను" అనేశాడు. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు అయిపోయాక గానీ ఏమనేశాడో అతనికి తెలిసిరాలేదు. లెటర్‌ప్యాడ్ మీద తన పేరు చూసుకోనిదే అన్నం సయించని మనిషి! పదకొండేళ్ళ పదవి! ఫంక్షన్ ఇక మూడు రోజుల్లోకి వచ్చింది.

టీ గ్లాసు పెట్టబోతూ ఆవకాయ జాడీ కింద ఒక కాగితం చూశాడు. చదివాడు. టీ చల్లారిపోయింది. మళ్ళీ చదివాడు.

"కేదార భూపతి – గొప్ప గుణాలు. ఒకటి, ఇచ్చిన మాట తప్పడు. రెండు, తన మనుషులందరూ తిన్నాకే తాను తింటాడు. మూడు, ఎదుటివాడు మాట్లాడుతుంటే మధ్యలో నోరు పెట్టడు. నాలుగు, తన తప్పు ఇంకొకరి మీదికి నెట్టడు. అయిదు, శత్రువునైనా 'మీరు' అనే పిలుస్తాడు. ఆరు, ముసలిదై చూపు పోయిన డేగకి తన చేత్తో తినిపిస్తాడు..." ఇలా పది.

అచ్చిబాబు నోరు తెరుచుకుని ఉండిపోయింది గుణాలు చూసి కాదు, దస్తూరీ చూసి. అది వాళ్ళమ్మ గవరమ్మది. డెబ్భై నాలుగేళ్ళలో గవరమ్మ ఒక్క మనిషిని మెచ్చుకోగా విన్నవాళ్ళు అండమాన్‌లో లేరు. కన్న కొడుకుని నలభై ఎనిమిదేళ్ళుగా "పర్లేదులే" అని కూడా అనలేదు. అలాంటి తల్లి ఒక మగవాణ్ణి పట్టుకుని పది గుణాలు రాసింది!

పాఠకులకి అసలు సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, నాకు దాచడం చేతకాదు. అచ్చిబాబు కూతురు సుచరిత ఒక ఫోన్ పత్రికలో మాయలూ మంత్రాలూ ఉన్న సీరియల్ నడుపుతోంది, అమ్మానాన్నా దాన్ని ఎన్నడూ చదవలేదు. ఆ పిల్లకి తెలుగు గలగలా మాట్లాడటం వచ్చు గానీ రాయడం రాదు. అందుకని ఆమె చెబుతుంటే నాయనమ్మ రాస్తుంది. కేదార భూపతి ఆ కథలో దుర్మార్గుడు. "మీ దుర్మార్గుడు ఉత్త దుర్మార్గుడిలా ఉన్నాడు, కాసిన్ని మంచి గుణాలు పెట్టండి" అని పత్రిక వాళ్ళు చెబితే, ఇద్దరూ కూర్చుని మంచి గుణాలు ఒక కాగితం మీద, అతను చేసిన ఘోరాలు ఇంకో కాగితం మీద రాసుకున్నారు. ఘోరాల కాగితం గవరమ్మ సంచీలో పెట్టుకుంది. మనవరాలితో కలిసి తెల్లవారుజామునే రంగత్ బస్సెక్కింది, కూతురు సాయిలక్ష్మి ఇంటికి. మంచి కాగితం జాడీ కింద ఉండిపోయింది.

"ఎవరండీ ఈయన?" అంది భార్య కళ్యాణి, కాగితం చూసి.

"ఎవరైతే ఏటి? మా అమ్మ మెచ్చుకుంది! ఇంకేం కావాల?"

"మనిషిని చూడకుండానే శాలువా కప్పేస్తారా?"

అందుకని అచ్చిబాబు ఫోన్ చేశాడు. పదకొండోసారికి రంగత్ పలికింది.

"అమ్మా! కేదార భూపతి ఎలాటోడే?"

"నీకెలా తెల్సురా ఆయన?" గవరమ్మ గొంతులో ఎన్నడూ లేని మురిపెం. "మా కాగితం సూసినావా? అలాటోడు కోటికొకడుంటాడ్రా. మీ సంఘంలో ఉన్నాడేటి, ఒక్కడైనా?"

"ఎక్కడుంటాడే?"

"దీవిలోనే. పెద్ద బంగళా కట్టుకుని ఒక్కడే ఉంటాడు, పాపం."

"ఏ దీవి? అలో! అమ్మా!"

సిగ్నల్ పోయింది. ఆ సాయంత్రం పట్టుకున్న వాన ఆదివారం దాకా వదల్లేదు, రంగత్ మళ్ళీ పలకలేదు.

మర్నాడు కమిటీ మీటింగులో అచ్చిబాబు కాగితం పైకి చదివాడు. మూడో గుణం దగ్గరే ముగ్గురు మధ్యలో నోరు పెట్టారు. అప్పుడైనా ఒక్కరు "ఈయనెవరు బాబూ, నేనెరగను" అని ఉంటే ఈ కథ అక్కడితో ఆగిపోయేది. కానీ దీవుల్లో మనకి తెలియని తెలుగువాడు ఉన్నాడంటే ఎంత నామోషీ!

ప్రెసిడెంట్ లోకనాథం గారు ముందు గొంతు సవరించుకున్నారు. "భూపతి నాకు తెలవకపోవడమేటయ్యా? ఇద్దరం ఒకే షిప్పులో వచ్చినాం వైజాగ్ నుంచి. డెక్కు మీద ఒకే కంచంలో తిన్నాం."

గణపతి వెనకబడతాడా? "అరే భయ్యా, బఢియా ఆద్మీ, మంచోడు! సిప్పీఘాట్‌లో నా సైటుకొచ్చేవాడు. నా దగ్గరే పని నేర్చుకున్నాడు."

జంగ్లీఘాట్‌లో పడవలున్న నూకన్న కాసేపు ఆలోచించాడు. "ఆ డేగని నాను సూసినాను. పాపం, రెండు కళ్ళూ లేవు."

అచ్చిబాబు నిర్ఘాంతపోయాడు. ఇంతమందికి తెలిసిన మహానుభావుడు తనకొక్కడికే తెలియకుండా పోయాడే అని సిగ్గుపడ్డాడు కూడా. సిగ్గుపడి, "నేను కూడా రెండుసార్లు చూశాను" అన్నాడు.

ఇక ఆగేదేముంది? ఆహ్వానాలు అచ్చయ్యాయి. ముఖ్య అతిథిగా ఒక పెద్ద ఆఫీసరు మేడమ్‌ని పిలిచారు. పది గుణాలు హిందీలో చెబితే ఆవిడ, "ఐసే లోగ్ అబ్ భీ హై?" అంటూ, ఇలాంటి వాళ్ళు ఇంకా ఉన్నారా అని ఆశ్చర్యపోయి, సెలవు రోజైనా వస్తానన్నారు. ఫ్లెక్సీ వాళ్ళు ఫోటో కావాలన్నారు. లోకనాథం గారు వెనక్కి తగ్గలేక పాత షిప్పు ఫోటో ఒకటి తెచ్చారు. డెక్కు మీద పాతికమంది మసకమసకగా ఉన్నారు. ఎడమ నుంచి మూడో మనిషి మీద వేలు పెట్టి, "ఇదిగో, ఇతనే" అన్నారు. తలకి గళ్ళ తువ్వాలు కట్టుకుని పక్కకి తిరిగిన ఆ మనిషిని తలుపంత పెద్దది చేయించి, కింద పది గుణాలూ రాయించి, స్టేజీ మీద కట్టారు. భూపతి గారిని తీసుకొచ్చే పూచీ గణపతి తీసుకున్నాడని లోకనాథం గారు, లోకనాథం గారే ఫోన్ చేశారని గణపతి, ఇద్దరూ ఉన్నారు కదా అని అచ్చిబాబు నిశ్చింతగా ఉన్నారు.

ఆదివారం నాలుగింటికి హాలు నిండిపోయింది. స్టేజీ మధ్యలో పెద్ద కుర్చీ, దాని మీద శాలువా. అయిదైంది. కుర్చీ ఖాళీగానే ఉంది. మేడమ్ గడియారం చూసుకున్నారు.

"గణపతీ, మనిషేడయ్యా?" అన్నాడు అచ్చిబాబు చెవిలో.

"నన్నడుగుతావేటి? ప్రెసిడెంట్ గారు కదా మాట్లాడింది!"

"నేనా!" లోకనాథం గారి కళ్ళద్దాలు ముక్కు చివరికి జారాయి. "నా దగ్గర ఆయన నంబరే లేదే! మీ అమ్మకి తెల్సన్నావు కదా అచ్చిబాబూ?"

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర అలజడి. తడిసిన గొడుగుతో గవరమ్మ, వెనక బ్యాగులు మోస్తూ సుచరిత, రంగత్ బస్సు దిగి ఇంటికి తాళం ఉంటే నేరుగా హాలుకే వచ్చారు. భూపతి గారిని ఆవిడే వెంటబెట్టుకు వచ్చిందనుకుని హాలంతా లేచి నిలబడింది. అందరూ ఆవిడ వెనక్కి చూశారు. వెనక సుచరిత, వక్కల మూట తప్ప ఎవరూ లేరు.

గవరమ్మ మాత్రం స్టేజీ వైపు చూసింది. చూసి, గొడుగు వదిలేసింది.

"ఒరే అచ్చీ! మీ నాన్న బొమ్మ ఇక్కడెందుకెట్టినార్రా?"

హాలు గుండె ఆగినంత పనైంది. అచ్చిబాబు ఫ్లెక్సీ వైపు తిరిగాడు. తనకి నాలుగేళ్ళప్పుడు పోయిన తండ్రి! ఇంట్లో ఉన్న ఒక్క ఫోటోలో గడ్డం ఉంది, ఇందులో లేదు. రెండు రోజులు ఎదురుగా పెట్టుకుని తండ్రినే గుర్తుపట్టలేకపోయాడు.

"ఆ గళ్ళ తువ్వాలు నాను కొన్నదే. కింద రాసిందేటి? మాట తప్పడా? ఈ మనిషా?" గవరమ్మ చూపులు పైనుంచి కిందికి దిగుతున్నాయి. "పొద్దుటికల్లా వచ్చేస్తానని సెప్పి మూడో రోజుకి వచ్చేవోడు. అందరూ తిన్నాక తింటాడా? కూర గిన్నె ముందే ఖాళీ సేసేవోడు కదరా!"

లోకనాథం గారు శాలువా ఉన్న కుర్చీ వెనక్కి నెమ్మదిగా తప్పుకున్నారు. ఒకే కంచంలో తిన్న స్నేహితుడు మరి.

ఈలోగా సుచరిత అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతోంది. "కే... దా... ర..." అంతే, బ్యాగు కింద పడేసింది. "నాన్నా! క్యా కియా ఆప్‌నే? ఇతను నా విలన్! కథలో విలన్! అసల్ మే లేడు!"

జనం ఫ్లెక్సీ వంకా ఖాళీ కుర్చీ వంకా మార్చి మార్చి చూశారు. నూకన్న ఒక్కడే, "మరి నాను సూసిన డేగ?" అని తనలో తాను అనుకున్నాడు.

గవరమ్మకి సంగతి అర్థమైంది. స్టేజీ ఎక్కి, సంచీలోంచి రెండో కాగితం తీసి, కళ్ళజోడు పెట్టుకుని, తనకి జన్మలో దొరకని మైకు దొరికినందుకు ఏమాత్రం తొందరపడకుండా చదివింది. "మీరు కప్పబోయే పెద్దమనిషి చేసిన పనులు. మూడు రాజ్యాలు తగలబెట్టాడు. సొంత తమ్ముణ్ణి రాయి చేసి గుమ్మం ముందు పెట్టుకున్నాడు. రాకుమారిని పన్నెండేళ్ళు గాలిలో బంధించాడు. సముద్రాన్ని సీసాలో పోసి మూత పెట్టాడు."

"సముద్రాన్నా!" అని కేకేశాడు నూకన్న. రాజ్యాలు తగలబడినప్పుడు కదలని జంగ్లీఘాట్ పడవల జనమంతా ఈసారి గుండెల మీద చేతులేసుకున్నారు.

గణపతి అందరికంటే ముందు తేరుకున్నాడు. "నాకు మొదట్నుంచీ డౌటే! సెక్రటరీ మాట ఏమైంది? అర్హుడేడి? మేడమ్ ముందు నాక్ కట్ గయా, పరువు పోయింది!"

అచ్చిబాబు మైకు అందుకున్నాడు. చెప్పడానికి చాలా ఉంది. రాసింది అమ్మ. మర్చిపోయింది కూతురు. ఫోటో ఇచ్చింది ప్రెసిడెంట్. పని నేర్పింది గణపతి. నాలుగు పేర్లూ నాలుక చివర ఉన్నాయి. నోరు తెరుస్తూ వెనక్కి తిరిగేసరికి ఫ్లెక్సీ మీద నాలుగో గుణం కనిపించింది, నాన్న గళ్ళ తువ్వాలు కింద, పెద్ద పెద్ద ఎర్ర అక్షరాల్లో: తన తప్పు ఇంకొకరి మీదికి నెట్టడు.

నోరు మూసుకుని, మళ్ళీ తెరిచాడు. "తప్పు నాదే. ఆయనెవరో నాకు తెలీదు. తెలుసని అబద్ధం చెప్పాను. మాట ఇచ్చాను కాబట్టి ఇప్పుడే రాజీనామా చేస్తున్నాను."

సీసాలో సముద్రం కంటే పెద్ద దిగ్భ్రాంతి ఇదే. సంఘం పుట్టిన నలభై ఏళ్ళలో తనంతట తాను పదవి వదిలినవాడు లేడు. లోకనాథం గారు కుర్చీ పట్టుకుని నిలదొక్కుకున్నారు.

మేడమ్‌కి పక్కనున్నవాళ్ళు అంతా హిందీలో చెప్పారు. ఆవిడ కోప్పడతారనుకుంటే లేచి మైకు దగ్గరికి వచ్చారు. దుర్మార్గుడైతేనేం, గుణాలు మంచివే కదా, ఈ పదింటిలో అయిదున్న వాళ్ళు ఎవరైనా వచ్చి శాలువా తీసుకోవచ్చన్నారు. గణపతి లేవబోయాడు. భార్య చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. వెనక వరుసలో ఇద్దరు లేచారు, వాళ్ళ భార్యలూ లాగారు. "నాలుగు?" అన్నారు మేడమ్. "తీన్?" హాల్లో అందరూ తమ చెప్పుల వంక చూసుకుంటున్నారు.

"మావాడికి రెండున్నాయి," అంది గవరమ్మ.

అచ్చిబాబు చటుక్కున తల తిప్పాడు.

"ఏటలా సూస్తావు? మాట నిలబెట్టుకున్నావు, తప్పు ఒప్పుకున్నావు. ఇవాళే వచ్చినాయి, ఎన్నాళ్ళుంటాయో సెప్పలేను. ఉన్నాయి మాత్రం."

నలభై ఎనిమిదేళ్ళకి! అచ్చిబాబుకి కళ్ళనీళ్ళు ఆగలేదు. అందరి ముందూ ఏడ్చేశాడు, తుడుచుకోను కూడా లేదు. మేడమ్ శాలువా తెచ్చి కప్పబోతే రెండు చేతులూ జోడించాడు. "నాకు ఎనిమిది తక్కువ మేడమ్. పదీ ఉన్న ఆయన కాగితం మీద ఉన్నాడు." ఆ శాలువా కేదార భూపతి తరఫున సుచరిత అందుకుంది. వచ్చే వారం భాగంలో ఆయన్ని చంపేద్దామనుకున్నాననీ, ఇప్పుడు మనసొప్పడం లేదనీ ఏడుపు గొంతుతో చెబితే, సీసా మూత తీస్తేనే బతకనివ్వాలని నూకన్న షరతు పెట్టాడు.

సోమవారం పొద్దున్న లోకనాథం గారు షాపుకి వచ్చి మినిట్స్ పుస్తకం బల్ల మీద పెట్టారు. రాజీనామా సంగతి తర్వాత చూద్దామనీ, తెలుగు రాయడం కమిటీలో ఇంకెవరికీ రాదనీ అన్నారు. అచ్చిబాబు కలం తీసుకున్నాడు. అబద్ధం రాయకూడదని చాలాసేపు ఆలోచించి, ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాడు.

"పురస్కార గ్రహీత శ్రీ కేదార భూపతి గారు అనివార్య కారణాల వల్ల సభకు హాజరు కాలేకపోయారు."