పైడిరాజు జారవిడిచిన కాయలు

ఒక పెద్ద అడవిలో (పెద్దదని కొలిచినవాళ్లు ఎవరూ లేరు గానీ, చెట్లకంటే పదవులు ఎక్కువ ఉండేవి కాబట్టి పెద్దదే అయ్యుండాలి) ఏటా తొలకరి తర్వాత బూరుగాట పోటీలు జరిగేవి. ఈ కథ చెబుతున్న నేను ఆ అడవి క్రీడా మండలిలో సభ్యుణ్ని. తాబేలుని. కుర్రాళ్లకి పరుగు నేర్పే బాధ్యత నాది. నవ్వాలనుకున్నవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. ముందు ముందు ఇంకా ఉన్నాయి.

ఆట సులువే. ఏనుగు తొండంతో బూరుగుకాయ విసురుతుంది. మన ఆటగాడు పరిగెత్తి, దాన్ని గాల్లో అందుకుని, చివరనున్న పుట్ట దాటించాలి. అవతలి జట్టు అడ్డుపడుతుంది. చిక్కల్లా కాయతోనే. గట్టిగా పట్టుకుంటే పగిలి దూదవుతుంది, వదులుగా పట్టుకుంటే జారిపోతుంది. చెరువు కాలేజీలో మాకు తర్కం చెప్పిన కొంగ మాస్టారు, నిజాన్ని కూడా ఇలాగే పట్టుకోవాలనేవారు. చేపల్ని మాత్రం ఆయన గట్టిగానే పట్టుకునేవారు. అది వేరే సంగతి.

మా జట్టులో కాయ అందుకునేవాడు దాలినాయుడనే ముళ్లపంది. ప్రెసిడెంటు ఎలుగుబంటి గారికి చిన్ననాటి స్నేహితుడు. పదేళ్ల అనుభవం. కాయ వస్తోందంటే చాలు, ఉత్సాహంతో ముళ్లు నిక్కబొడుచుకునేవి. కాయ వాటిమీద పడేది. మైదానమంతా దూది ఎగిరేది. కొన్నాళ్లకి జనం అదే ఆట అనుకున్నారు.

ఆ ఏడు ఎండాకాలం సాధనకి పైడిరాజు అనే ముంగిస కుర్రాడు వచ్చాడు. మొదటి వారం మూడు కాయలు పగలగొట్టాడు. రెండో వారం ఒక్కటి. మూడో వారం నుంచి ఏనుగు ఎటు విసిరినా, కాయ వాడి చేతుల్లోకి వచ్చి నిద్రపోయేది. సాధన ఆటల్లో పదకొండు విసిరితే పదకొండూ పట్టాడు.

"ఎలా పడుతున్నావురా?" అనడిగాను.

"మీరు నేర్పిందే కదా తాతా," అన్నాడు.

అది అబద్ధం. కానీ మర్యాదగల అబద్ధం. రిపోర్టులో రాసుకున్నాను.

మండలి కూర్చుంది. "మొదటి పోటీకి వీణ్నే దింపుదాం," అంది ఏనుగు. ప్రెసిడెంటు గారు ఓసారి దాలినాయుడి వైపు చూసి, నా వైపు చూశారు. నేను కాలేజీ వదిలాక చదివినవి పుస్తకాలు కాదు, ఆ చూపులే.

"విత్తనపు వడ్లు ఎవరైనా వండుకు తింటారా?" అన్నాను.

అంతే, మండలి మొత్తం తలలూపింది. సామెత చెబితే ఇంక ఆలోచించక్కర్లేదని మా అడవిలో నమ్మకం.

"ఇంత చక్కగా ఎదుగుతున్నవాడు! పోటీలో ఎవడైనా కాలు విరగ్గొడితే?" అన్నారు ప్రెసిడెంటు గారు. "దాలినాయుడికి ఆ బెంగ లేదు. విరగడానికి వాడిలో ఏం మిగిలింది?"

"ఇది పొగడ్తేనా అన్నా?" అన్నాడు దాలినాయుడు.

"రాసుకోండి," అన్నారాయన నాతో.

మొదటి పోటీలో దూది. రెండో పోటీలోనూ దూదే. ఓడినప్పుడల్లా "మా దగ్గర పైడిరాజున్నాడు" అని చెప్పుకునేవాళ్లం. వాగు అవతలి అడవివాళ్లు వాడి పేరు వింటేనే హడలిపోతున్నారని ప్రెసిడెంటు గారి నమ్మకం. వాళ్లు హడలిపోతూనే మమ్మల్ని ఓడించారు.

నాలుగు పోటీలయ్యాక పైడిరాజు నా దగ్గరికి వచ్చాడు.

"తాతా, ఏడాదిలో ఒక్క పోటీ అయినా ఆడనివాడి పేరు జట్టులోంచి కొట్టేస్తారటగా?"

"అవున్రా. సోమరులు చేరకుండా ఆ నిబంధన నేనే రాశాను."

"ఇంక మిగిలింది ఒక్కటే. అందులో నేను ఆడకపోతే?"

"కొట్టేస్తాం."

"నన్ను ఆడనివ్వనిది ఎవరు?"

"మేమే."

వాడు నా డిప్ప వైపు చూశాడు. లోపలికి దూరతానేమోనని అనుకున్నట్టున్నాడు. దూరాను.

మర్నాడు సాధనలో పైడిరాజు మొదటి కాయ జారవిడిచాడు. రెండోదీ అంతే. మూడోదాన్ని శుభ్రంగా పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి మరీ వదిలేశాడు. ఐదు రోజుల్లో అరవై కాయలు నేలపాలయ్యాయి. మండలి అత్యవసరంగా సమావేశమైంది.

"కుర్రాడిలో సరుకు అయిపోయింది," అన్నారు ప్రెసిడెంటు గారు. "ఇంక దాచి ఏం లాభం? ఆఖరి పోటీ ఎలాగూ మళ్లీ వాగు అవతలివాళ్లతోనే. ఓడేదే. దాలినాయుడి పేరెందుకు పాడవ్వాలి? వీణ్ని దింపెయ్యండి."

దింపాం. ఏనుగు తొమ్మిది కాయలు విసిరింది. పైడిరాజు తొమ్మిదీ పట్టాడు. ఒక్క పోగు దూది ఎగరలేదు. ఎక్కడ కేకలెయ్యాలో తెలీక జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తొమ్మిదో కాయతో పుట్ట దాటాక వాడు అక్కడే కూలబడి, కాయని పొట్టకి హత్తుకుని, వెక్కి వెక్కి ఏడ్చాడు. గెలిచామన్న సంగతి అప్పుడు అర్థమైంది మాకు.

విజయ రహస్యం తేల్చడానికి నన్ను ఏకసభ్య కమిటీగా వేశారు. రహస్యం నాకు తెలుసు. పట్టగలిగినవాణ్ని ఆడనిచ్చాం, అంతే. కానీ అది రాస్తే, అంతకుముందు ఎందుకు ఆడనివ్వలేదని అడుగుతారు. అడిగితే నా సామెత బయటికొస్తుంది. అందుకని ఇలా రాశాను: "పోటీకి ముందే అరవై కాయలు జారవిడవడం వల్ల ఆటగాడి చేతుల్లోని పొరపాట్లన్నీ ముందుగానే ఖర్చయిపోయినవి." చదువుకున్నవాడు రాసిన వాక్యం కదా, ఎవరికీ అర్థం కాలేదు. అందరికీ నచ్చింది.

మరుసటి ఎండాకాలం సాధనంతా జారవిడవడమే. నలభైమంది పిల్లలు చేరారు. ఒక ఉడుత, కాయ రాకముందే జారవిడిచి ప్రత్యేక బహుమతి కొట్టేసింది. పైడిరాజుకి శాలువా కప్పి, ఆ విద్యకి ప్రధాన శిక్షకుడిగా నియమించారు.

"మరి నా ఆట?" అన్నాడు వాడు.

"శిక్షకుడు ఆడకూడదు బాబూ. నిబంధన ఉంది," అని ప్రెసిడెంటు గారు నా వైపు చూశారు.

అప్పటికి లేదు. సాయంత్రానికి ఉంది.

పైడిరాజు శాలువా మడతపెట్టి నా డిప్ప మీద పెట్టాడు. "చలికి పనికొస్తుంది, ఉంచండి తాతా," అని వాగు దాటి వెళ్లిపోయాడు. అవతల వాణ్ని ఒకటే అడిగారట, "పట్టగలవా?" అని. పట్టి చూపించాడు. ఆడమన్నారు.

కొత్త పోటీల్లో మొదటిది వాళ్లతోనే. మా పిల్లలు తొమ్మిది కాయలూ శాస్త్రోక్తంగా జారవిడిచారు. అవతల పైడిరాజు ఆఖరి కాయని ఇద్దరు తోడేళ్ల నడుమ ఎగిరి అందుకుని, సరిగ్గా నా ముక్కు ముందునుంచి పరిగెత్తాడు.

"అదీ! శభాష్‌రా పైడీ!" అని అరిచాను. ముప్పయ్యేళ్ల సభ్యత్వంలో ఎవరి వైపూ చూడకుండా నేనన్న మొదటి మాట అది.

పరాయి జట్టుని పొగిడినందుకు మండలి నన్ను సంజాయిషీ అడిగింది. జవాబు రాయమన్నది కూడా నన్నే, మండలిలో రాత వచ్చినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి.

నీతి: మీ కుర్రాడి ప్రతిభ చెక్కుచెదరకుండా ఉండాలంటే, దాన్ని దాచడానికి పక్క అడవిని మించిన చోటు లేదు.