గుండ్లగడ్డ వంతెన లేదండి

ఒక వస్తువు ఉన్నదా, లేదా అని తేల్చే అధికారం ప్రజాస్వామ్యంలో కళ్ళకు లేదు, శాసనసభకు ఉంది. కళ్ళు ఎవరికైనా ఉంటాయి. సభకు నిబంధనావళి ఉంటుంది. ఈ తేడా తెలియక నర్సు నవోమి ఇరవై రెండేళ్ళపాటు గుండ్లవాగును కళ్ళతోనే చూస్తూ, దాని మీద వంతెన లేదనే భ్రమలో బతికింది.

మెదక్ పట్టణం దాటి హవేలిఘనపూర్ వైపు పోతుంటే కుడిచేతికి ఒక మట్టిబాట చీలుతుంది. కిలోమీటరున్నర పోయి అది గుండ్లవాగులో దిగి మాయమవుతుంది. అవతలి ఒడ్డున గుండ్లగడ్డ, అరవై ఇళ్ళు. ఎండాకాలం వాగులో ఇసుక ఉంటుంది (లారీలకు ఎక్కించగా మిగిలింది). వానాకాలం నీళ్ళు నడుము దాకా వస్తాయి. నవోమి టీకాల డబ్బా నెత్తిన పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వారానికి రెండుసార్లు దాటేది. నెలవారీ రిపోర్టులో 'దారి' అనే గడిలో 'వాగు' అని రాసేది. పైవాళ్ళు దాన్ని 'బాగు' అని చదువుకునేవారు.

ఆ ఊరికి ప్రభుత్వం చేసిన ఉపకారం ఒక్కటే. వానాకాలం నాలుగు నెలలూ నిండు గర్భిణులను వాగు దాటించడానికి తాహెర్ అనే ఆయన ట్రాక్టర్‌ను కిరాయికి పెట్టింది. తాహెర్ ట్రాలీలో గడ్డి పరిచి, దాని మీద పరుపు వేసి, గతుకు గతుకుకూ వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిపేవాడు. ఆరేళ్ళలో పంతొమ్మిది మందిని దాటించాడు. ఎవరికీ ఏమీ కాలేదు. అందుకే ఆయన సంగతి ఏ ఫైలులోనూ లేదు.

ఈ ఏడు తొలివానలకు ఒక గౌరవ సభ్యుడు (వేరే జిల్లా ఆయన) ఎవరిదో ఫామ్‌హౌస్ గృహప్రవేశానికి బయలుదేరి, ఫోను చూపించిన దగ్గరి దారిలో వచ్చి, తెల్లకారుతో సహా గుండ్లవాగులో దిగబడ్డాడు. తాహెర్ ట్రాక్టర్ కట్టి కారును లాగేదాకా నలభై నిమిషాలు ఆయన ప్యాంటు మడిచి బండరాయి మీద కూర్చోవలసి వచ్చింది. ప్యాంటు తడిస్తే ప్రజల కష్టం తొందరగా అర్థమవుతుంది. పక్కనే నిలబడ్డ నవోమి మిగతాది చెప్పింది. వర్షాకాల సమావేశాల్లో తప్పకుండా అడుగుతానని ఆయన మాట ఇచ్చాడు, ఆశ్చర్యంగా నిలబెట్టుకున్నాడు కూడా. నక్షత్ర గుర్తు గల ప్రశ్న నంబరు నలభై ఒకటి:

'(ఎ) మెదక్ పట్టణ శివారులోని గుండ్లగడ్డకు వెళ్ళే దారిలో వాగుపై వంతెన లేదన్నది నిజమేనా? (బి) అయితే, ఎప్పటిలోగా నిర్మిస్తారు?'

అసెంబ్లీ ప్రశ్న వచ్చిందంటే ఆఫీసుల్లో పెళ్ళివారు దిగినంత హడావుడి. వాగులు, వంతెనల విభాగం ఇంజనీరు కృష్ణమోహన్ ఆ వాగును ఎన్నడూ చూడలేదు (వంతెన లేనందువల్ల జీపు అటు పోదు). అందుకని నవోమికి ఫోన్ చేశాడు.

"మేడమ్, గుండ్లగడ్డ వాగు మీద బ్రిడ్జి ఉన్నదా లేదా? ఒక్క ముక్కల చెప్పుండ్రి. పన్నెండు లోపల పంపాలె."

"లేదు సార్," అంది నవోమి.

తన సర్వీసులో మొదటిసారి నవోమి చెప్పిన మాటను పైవాళ్ళు ఉన్నదున్నట్టు రాసుకున్నారు. ఆ 'లేదు' మూడు ఆఫీసులు, పదకొండు సంతకాలు దాటి ఒక్క అక్షరం నలగకుండా సచివాలయం చేరింది. అక్కడ ఒక సెక్షన్ ఆఫీసరు, సభకు మర్యాద ముఖ్యం గనుక, దానికి 'అండి' తగిలించాడు.

సభ మొదలైంది. మొదటి రోజు, కాలం చేసిన ఏడుగురు మాజీ సభ్యులకు సంతాపం తెలిపి రెండు నిమిషాలు మౌనం పాటించారు. రెండు పక్షాలూ ఏకాభిప్రాయంతో నడిపిన కార్యక్రమం అదొక్కటే. ముప్పై ఎనిమిదో నిమిషంలో సభ వాయిదా పడింది. ఎన్ని రోజులు కూర్చోవాలో తేల్చడానికి ఒక కమిటీ మూడు గంటలు కూర్చుంది. ఇరవై రోజులు కావాలని ప్రతిపక్షం, నాలుగు చాలని ప్రభుత్వం. చివరికి ఇద్దరూ ఒక మెట్టు దిగి నాలుగు రోజులకు ఒప్పుకున్నారు.

రెండో రోజు ప్రశ్నోత్తరాలు. ఆ పొద్దు టీకాల రోజు. నవోమి తన సబ్‌సెంటర్‌లో సభ ప్రసారమవుతున్న ఫోనును మందుల అట్టపెట్టెకు ఆనించి పెట్టింది. గుండ్లగడ్డ నుంచి యాదవ్వ కూడా వచ్చి బల్ల మీద కూర్చుంది. యాదవ్వ కోడలికి తొమ్మిదో నెల.

మొదటి ప్రశ్న చెరువుల గురించి. పాత ప్రభుత్వం ఏం చేయలేదో చెప్పడానికి మంత్రికి ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. రెండో ప్రశ్న మధ్యలో ఒక సభ్యుడు ఇంకొకాయనను "కూర్చోవయ్యా" అన్నాడు. 'కూర్చో' సభామర్యాదకు లోబడినదేననీ, 'వయ్యా' సంగతి పరిశీలించాలనీ అధ్యక్షులవారు చెప్పారు. పరిశీలించే ఓపిక ఎవరికీ లేదు. నినాదాల అట్టలు పైకి లేచాయి, కాగితాలు ఎగిరాయి, ప్రతిపక్షం బయటికి నడిచింది. వారితోపాటు నలభై ఒకటో ప్రశ్న వేసిన సభ్యుడూ నడిచాడు. ఆ గోలలోనే, ఆ రోజు వరసలో మూడోదైన ఆ ప్రశ్నకు వంతెనల మంత్రి నిలబడి, చేతిలో కాగితం చూసి చదివాడు.

"ఎ, లేదండి. బి, ఈ ప్రశ్న ఉత్పన్నం కాదండి."

అనుబంధ ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అధ్యక్షులవారు ఖాళీ కుర్చీలను అడిగారు. కుర్చీలకు సందేహాలేమీ లేవు.

"లేదని ఒప్పుకున్నడు నర్సమ్మా," అంది యాదవ్వ. "గంత పెద్ద సభల ఒప్పుకున్నంక ఇగ కట్టక తప్పది."

నవోమికీ అలాగే అనిపించింది. రెండో ముక్క ఏమిటో అర్థం కాలేదు గానీ, మొదటి ముక్క మాత్రం తాను ఫోనులో చెప్పిన మాటే. ఆ సాయంత్రం చర్చిలో ఎవరికేం ప్రార్థన విన్నపాలు ఉన్నాయని పాస్టరు అడిగితే, తనకు ఇవాళ కృతజ్ఞతలే ఉన్నాయని చెప్పింది.

మూడో రోజు మధ్యాహ్నం ఉత్తర్వు వచ్చింది. గుండ్లవాగుపై వంతెన ఉన్నట్లు గౌరవ సభకు తెలియజేయబడినందున, గర్భిణుల ట్రాక్టర్ తక్షణం రద్దు.

నవోమి ఆ కాగితం పట్టుకుని కృష్ణమోహన్ దగ్గరికి పోయింది. ఆయన కుర్చీ చూపించి, చాయ్ తెప్పించి, చాలా ఓపికగా వివరించాడు. వంతెన లేదన్నది నిజమేనా అని కదా ప్రశ్న. దానికి జవాబు 'లేదండి' అయితే, అది నిజం కాదని అర్థం. లేదన్నది నిజం కానప్పుడు ఉన్నట్టే. ఉన్నదాన్ని ఎప్పుడు కడతారన్న ప్రశ్న పుట్టనే పుట్టదు.

"సార్, నేను లేదన్నది బ్రిడ్జి గురించి."

"మీరు బ్రిడ్జి గురించి అన్నరు మేడమ్. సభ ప్రశ్న గురించి అన్నది."

దిద్దాలంటే మంత్రిగారు లేచి, సభకు తప్పు చెప్పానని ప్రకటన చేయాలి. రేపటితో సభ అయిపోతుంది, మళ్ళీ చలికాలంలో. అందాకా మంత్రిగారి జవాబు అబద్ధమని బయట ఎవరైనా అంటే అది సభాహక్కుల ఉల్లంఘన, అందులోనూ ఆమె ప్రభుత్వ ఉద్యోగి. ఇవన్నీ ఆయన ఆమె మేలు కోరే చెప్పాడు. అప్పటికే రిజిస్టరులో వంతెనకు నంబరు వేశాడు. పొడవు నలభై రెండు మీటర్లు, స్థితి సంతృప్తికరం.

"ఒక్కసారి వచ్చి చూడుండ్రి సార్. యాదవ్వ కోడలికి ఇయ్యాల రేపు అన్నట్టున్నది."

"ఉన్న బ్రిడ్జిని చూడనీకి టూర్ మంజూరు కాదు మేడమ్. కూలితె వస్త."

నవోమి చాయ్ ముట్టకుండా లేచింది. మెట్లు దిగుతుంటే కొట్టాలనిపించింది, ఎవరినో తెలియలేదు. ఆ మనిషి అబద్ధమాడలేదు. ఎవరూ ఆడలేదు. అదే ఆమెకు మింగుడు పడలేదు.

నాలుగో రోజు తెల్లారి నుంచీ వాన. పదకొండింటికి యాదవ్వ ఫోన్ చేసింది. కోడలికి నొప్పులు మొదలయ్యాయి. తాహెర్, ట్రాక్టర్ రద్దయిందని, దూరాన అల్లాదుర్గ్‌లో వేరే పనికి పోయి ఉన్నాడు. విషయం వినగానే ఉత్తర్వు సంగతి అడగకుండా బయలుదేరాడు గానీ, ట్రాక్టర్ ట్రాక్టరే. అంబులెన్సు ఇవతలి ఒడ్డుకు వచ్చి ఆగింది. వంతెన ఎక్కడని డ్రైవర్ అడిగాడు. నవోమి సంచీ నెత్తిన కట్టుకుని, అవతలివాళ్ళు విసిరిన తాడు పట్టుకుని వాగులో దిగింది. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. మధ్యలో ఒకసారి కాలు జారింది. తాడు విడవలేదు.

మంచం మీద మోసుకొచ్చిన యాదవ్వ కోడలు అవతలి ఒడ్డున, నలుగురు ఆడవాళ్ళు పట్టుకున్న టార్పాలిన్ పట్టా కింద కన్నది. ఆడపిల్ల. పిల్ల గట్టిగానే ఏడ్చింది. తల్లికే నెత్తురు ఆగలేదు. నవోమి సూది వేసి, పొత్తికడుపు మీద రెండు చేతులూ అదిమిపెట్టి, తాహెర్ వచ్చేదాకా గంటా పది నిమిషాలు కదలకుండా కూర్చుంది.

"బతుకుతదా నర్సమ్మా?" అని యాదవ్వ ఒక్కసారే అడిగింది.

"మాట్లాడియ్యి. నిద్ర పోనియ్యకు," అంది నవోమి.

సరిగ్గా ఆ గంటలోనే అధ్యక్షులవారు సభను నిరవధికంగా వాయిదా వేస్తూ, నాలుగు రోజుల్లో అరవై రెండు ప్రశ్నలకు సమాధానాలు లభించాయని సభ్యులను అభినందించారు. (యాభై నాలుగింటికి సమాధానాలు ఇచ్చినట్లు భావించారు. భావించడం నిబంధనల్లో ఉంది.)

తాహెర్ దాటించాడు. ఆస్పత్రిలో నాలుగు సీసాల నెత్తురు ఎక్కించారు. తల్లి బతికింది.

పదో రోజున నవోమి పుట్టుక నమోదు చేయించడానికి పోయింది. కంప్యూటర్ ముందున్న రాకేష్ పుట్టిన చోటు అడిగాడు. గుండ్లవాగు ఒడ్డు అని చెప్పింది.

"ఒడ్డు అనేది లిస్టుల లేదు మేడమ్. గుండ్లవాగు కొడితె బ్రిడ్జి ఒక్కటే వస్తున్నది. పోయిన వారమే ఎక్కిచ్చిండ్రు. గదే పెట్టాల్నా?"

ఒడ్డు అని రాయమని పట్టుబడితే సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ లేకపోతే పిల్లకు రేషన్ కార్డు మీద పేరు ఎక్కదు. పెట్టమంది నవోమి.

ప్రభుత్వ రికార్డుల ప్రకారం గుండ్లగడ్డ వంతెనను ఇప్పటిదాకా వాడుకున్న పౌరురాలు ఆ పిల్ల ఒక్కతే.