గద్దా పడవా పంచాయితీ

ఆదివారం పొద్దున పూర్ణిమ అనుకున్న పని చాలా చిన్నది. టీ తాగి కంప్యూటర్ ముందు కూర్చోవాలి, బదిలీకి తనకు కావలసిన బడులను వరుసగా ఎంచుకోవాలి, తరువాత తలస్నానం చేసి భర్తతో కలిసి కోదాడలో పెళ్లికి పోవాలి. ఆమె అనంతగిరి మండలంలో లెక్కల టీచరు. సూర్యాపేట నుంచి కోదాడకు ఒక బస్సు, అక్కడి నుంచి బడికి మరో బస్సు. ఇన్నేళ్లకు బదిలీ అవకాశం వచ్చింది. ఆన్‌లైన్‌లో బడులు ఎంచుకోవడానికి ఆ సాయంత్రం ఐదు గంటల వరకే గడువు.

ఆమె కంప్యూటర్‌లో ఇంటర్నెట్ తెరిచే బ్రౌజర్‌కు గద్ద బొమ్మ ఉంటుంది. గద్ద మీద నొక్కింది. తెల్లటి తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలైంది. ఆ వేళకు జిల్లాలోని టీచర్లందరూ అదే పని మీద కూర్చున్నారు కాబట్టి అది తిరుగుతూనే ఉంది.

వెనక నుంచి భర్త ధర్మేందర్ వచ్చాడు. ఆయనది ఎరువుల దుకాణం. దుకాణంలో కంప్యూటర్ పెట్టిన నాటి నుంచి ఆయన పడవ బొమ్మ ఉన్న బ్రౌజర్ వాడుతున్నాడు. ఎవరైనా ఇంకొకటి వాడుతుంటే తన మీద పడ్డట్టే కోపం తెచ్చుకుంటాడు.

"ఆ గద్దను తీసెయ్యమని ఎన్నిసార్లు చెప్పిన? పడవ పెట్టుకో. ఇప్పటికి నీ పని అయిపోతుండె."

"పడవ నీ దుకాణంల పెట్టుకో. నాకు ఇదే అలవాటు."

"అలవాటైతే మంచిదైతదా? పక్కపక్కన పెట్టి సూసిన నేను. పడవ సగం టైముల తెరుస్తది. అయినా ఏమున్నది, ఫస్ట్ సూర్యాపేట బడి పెట్టు, మా దుకాణం వెనకదే. నాలుగున్నరకు బడి ఇడుస్తరు, ఐదింటికి నువ్వొచ్చి గల్లా కాడ కూసోవచ్చు."

పూర్ణిమ ఏదో అనబోయింది. అంతలో వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చింది. ఆమె పరుగెత్తి స్టవ్ ఆర్పి, గట్టు తుడిచి వచ్చేసరికి తెర మీద గద్ద లేదు. పడవ ఉంది.

"గద్ద ఏదీ?"

"తీసేసిన. పీడా పోయింది. ఊఁ, పాస్‌వర్డ్ చెప్పు."

పూర్ణిమ ముఖం ఎర్రబడింది. "పాస్‌వర్డ్ గద్దలనే ఉండె."

"గద్దల ఉండుడేంది? నీకు యాదికి లేదా?"

"అది యాదికి పెట్టుకుంటదనే కదా దాన్ని ఉంచిన! నన్నడగకుండ ఎట్ల తీసేసినవ్?"

అరగంట సేపు ఆ ఇంట్లో జరిగిన మాటలు పక్కింటివాళ్లకు కూడా తెలుసు. చివరికి ధర్మేందరే దారి కనిపెట్టాడు. పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్లకు ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, దానితో కొత్తది పెట్టుకోవచ్చు. ఆయన గర్వంగా నొక్కాడు. ఓటీపీ వెళ్లింది. పూర్ణిమ ఫోన్‌కు మాత్రం కాదు. ఆమె ఉద్యోగం కాగితాల్లో ఉన్నది పాత నంబరు. ఆ నంబరున్న ఫోన్ ఇప్పుడు అత్తమ్మ అలివేలు దగ్గర ఉంది. అలివేలు తెల్లవారుజామునే చెల్లెలి మనవరాలి పెళ్లికి కోదాడ పోయింది.

ధర్మేందర్ తల్లికి ఫోన్ చేశాడు. అవతల బ్యాండు మోగుతోంది.

"అమ్మా, నీ ఫోన్‌కు మెసేజ్ వచ్చింది సూడు. అందుల ఓటీపీ ఉంటది, జల్ది చెప్పు."

బ్యాండు మధ్య కాసేపు ఆమె మాట వినబడలేదు. తరువాత గట్టిగా వినబడింది. "దొరికినవ్ రా దొంగోడా! నా కొడుకు ముందే చెప్పిండు, ఓటీపీ ఎవ్వలడిగినా చెప్పొద్దని. నేనే అడిగినా చెప్పొద్దన్నడు!"

"ఆ కొడుకును నేనే!" అని ధర్మేందర్ గట్టిగా అరిచాడు.

"గిట్లనే అంటరట మీరు. మా ధర్మేందర్ తల్లితోని గిట్ల ఒర్రడు."

"ఒర్రుతడు అత్తమ్మా!" అని పూర్ణిమ పక్క నుంచి అరిచింది.

"అగో, ఆడమనిషిని గూడ పెట్టుకున్నరు!"

అప్పుడు ధర్మేందర్ నోటి నుంచి ఒక మాట జారింది. ఇతను తన కొడుకు కాడని ఆ మాటతో అలివేలుకు పూర్తిగా నమ్మకం కుదిరింది. ఆమె ఫోన్ కట్ చేసి, స్విచాఫ్ కూడా చేసేసింది. కాసేపటికి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెళ్లికూతురి మేనమామ పెట్టిన సందేశం వచ్చింది. ధర్మేందర్ ఫోన్, ఆయన భార్య ఫోన్ దొంగల చేతిలో పడ్డాయి, ఎవ్వరూ ఎత్తొద్దు అని. "నేను మంచిగనే ఉన్న, గదంత అబద్ధం" అని ధర్మేందర్ రాశాడు. "దొంగ మళ్ల వచ్చిండు" అని ఎవరో జవాబిచ్చారు. ఆ వెంటనే ఆయనను గ్రూపులోంచి తీసేశారు.

మధ్యాహ్నం రెండింటి దాకా చుట్టాలందరికీ ఫోన్లు చేసినా ఎవ్వరూ ఎత్తలేదు. ఇక చేసేదేముంది? తలస్నానం లేదు, పట్టుచీర లేదు. మండే ఎండలో ఇద్దరూ మోటార్ సైకిల్ మీద కోదాడకు బయలుదేరారు. మునగాల దాటాక పూర్ణిమ ఫోన్ మోగింది. మిర్యాలగూడ నుంచి తమ్ముడు ప్రేమ్‌కుమార్. రైస్ మిల్లు ఆఫీసులో పనిచేస్తాడు.

"అక్కా, పాలకీడు బడి ఫస్ట్ పెట్టినవా? మనింటికి దగ్గర అయితదని అమ్మ ఒకటే అడుగుతున్నది."

పూర్ణిమ జరిగింది చెప్పింది. తమ్ముడు నవ్వాడు. "గింతదానికి పరేషాన్ ఎందుకే? పోయిన వారం మా ల్యాప్‌టాప్‌ల ఖాళీలు సూసినవ్ కదా. నీ లాగిన్ ఇంకా తెరిచే ఉన్నది. నాది నక్షత్రం బ్రౌజర్. ఇంగ్లీషుల ఏదొచ్చినా దానంతట అదే తెలుగు చేస్తది. నువ్వు చెప్పు, నేను నొక్కుత."

ధర్మేందర్ బండిని రోడ్డు పక్కకు తీసి ఆపాడు. పూర్ణిమ ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టింది. లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి.

"సూర్యాపేట కనబడుతుందా?" అని ధర్మేందర్ అరిచాడు.

"సూర్యాపేట లేదు బావా. 'సూర్య పెంపుడు జంతువు' అని ఒకటున్నది."

"అదే సూర్యాపేట! దాన్నే ఫస్ట్ పెట్టు!"

"పాలకీడు పెడితే ఏమైతది బావా? అయినా గిదేంది, కింద 'గడ్డకట్టించు' అని ఉన్నది. దాని పక్కన 'లొంగిపో' అని ఉన్నది. దేన్ని నొక్కాలె?"

"గడ్డకట్టించు అంటే ఫ్రీజ్, లొంగిపో అంటే సబ్మిట్. ఇప్పుడే ఏదీ నొక్కకు!"

"మరి వెనక్కి పొమ్మంటే 'వీపు' అని సూపిస్తున్నది. వీపు మీద నొక్కన్నా?"

"ముందు నీ వీపు మీద నొక్కాలె! పడవైతే గీ గోసంతా ఉండకపోతుండె!"

"నీ పడవతోనే కదా బావా, అక్క నడిరోడ్డు మీద నిలబడ్డది!"

పూర్ణిమ ఇద్దరినీ నోరు మూసుకొమ్మని చెబుతూనే ఉంది. ఆమె మాట లారీలు విన్నాయేమో కాని వాళ్లు వినలేదు. గద్ద గొప్పదా, పడవ గొప్పదా, నక్షత్రం గొప్పదా అని బావా బామ్మర్దులు అరుచుకుంటూ ఉండగానే ప్రేమ్‌కుమార్ గొంతు ఒక్కసారి తగ్గింది.

"అక్కా, ఇక్కడ 'మీ సమావేశం మరణించింది' అని వచ్చింది."

పాలకీడూ లేదు, పెంపుడు జంతువూ లేదు. సెషన్ గడువు తీరి పేజీ మూసుకుపోయింది.

కోదాడ ఫంక్షన్ హాలుకు చేరేసరికి నాలుగు దాటింది. అలివేలు కొడుకును చూసి పరుగెత్తుకొచ్చింది. "నీ ఫోన్ దొంగలెత్తుకపోయిన్రంట కదరా బిడ్డా! వాడు నన్ను ఎంత మాటన్నడో తెలుసా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ మాటన్నది తనేనని చెప్పడానికి ధర్మేందర్‌కు నోరు రాలేదు. చుట్టూ చేరిన చుట్టాలు ఆ దొంగను నోటికొచ్చినట్టు తిట్టారు. ఆయన తల ఊపుతూ విన్నాడు.

అలివేలు ఫోన్ ఆన్ చేసింది. "మనమే అడిగించిన ఓటీపీ అత్తమ్మా, భయపడకు" అని పూర్ణిమ చెప్పాక ఫోన్‌ను ఆమె చేతికిచ్చింది. అంతలో ప్రేమ్‌కుమార్ మళ్లీ చేశాడు. ఓటీపీ తనకు చెప్తే నక్షత్రంలో కొడతానన్నాడు. తన ఫోన్‌లో పడవ ఉండగా నక్షత్రం ఎందుకని ధర్మేందర్ కస్సుమన్నాడు. పెళ్లి పందిట్లో ఒక కొత్త పంచాయితీ మొదలైంది.

పూర్ణిమ అత్తమ్మ ఫోన్ పట్టుకుని భోజనాల గది వైపు నడిచింది. అక్కడ పెళ్లికూతురి స్నేహితురాలు స్రవంతి వడ్డన చూస్తోంది. ఆమె కోదాడ బడిలో సైన్స్ టీచరు, ట్రైనింగుల్లో పూర్ణిమకు పరిచయం. పూర్ణిమ ముఖం చూసి కుర్చీ లాగింది.

"ఏంటి మేడం, ఏమైంది? ముందు కూర్చోండి. మంచినీళ్లు తాగండి."

పూర్ణిమ నీళ్లు తాగి అంతా చెప్పింది. స్రవంతి నవ్వలేదు.

"ఇంతకీ మీకు ఏ బడి కావాలి మేడం?" అని అడిగింది.

పూర్ణిమ నీళ్ల గ్లాసు పక్కన పెట్టింది. తరువాత ఫోన్‌లో ఉన్న ఏదో ఒక బ్రౌజర్ తెరిచింది. దానికి ఏ బొమ్మ ఉందో కూడా చూడలేదు. కొత్త ఓటీపీ తెప్పించుకుంది. ఐదు కాకముందే హాల్లోకి తిరిగివచ్చి, "అయిపోయింది, తిందాం పాండ్రి" అంది. ఏది ముందు పెట్టావని ధర్మేందరూ అడగలేదు, ఫోన్‌లో ఉన్న ప్రేమ్‌కుమారూ అడగలేదు. ఎవరికి వాళ్లు తాము చెప్పిందే పెట్టి ఉంటుందనుకున్నారు.

బదిలీల ఫలితాలు వచ్చిన రోజు ప్రేమ్‌కుమార్ మిఠాయి డబ్బాతో సూర్యాపేట వచ్చాడు. పూర్ణిమకు కోదాడ బడి వచ్చింది. డబ్బా తెరవకుండానే గొడవ మొదలైంది.

"నీ నక్షత్రమే లిస్టు కరాబ్ చేసింది! పెంపుడు జంతువు అన్నప్పుడే అనుకున్న!"

"నాది ఆనాడే మూసుకపోయింది కదా బావా! నీ పడవనే ముంచింది!"

"రేపే ఆఫీసుకు పోయి కంప్లైంట్ ఇస్త. బ్రౌజర్ తప్పని రాసిస్త!"

పూర్ణిమ టీ గ్లాసులను బల్ల మీద ఠక్కున పెట్టింది.

"ఏ బ్రౌజర్‌దీ తప్పు కాదు. కోదాడ నేనే ఫస్ట్ పెట్టిన. గాడ లెక్కల టీచర్ లేక టెన్త్ పిల్లలు ఆగమైతున్నరు. పెద్ద బడి, మంచి బడి. ఏది మంచి బ్రౌజరని పొద్దంతా కొట్టుకున్నరు. నాకేది మంచి బడని మీల ఒక్కరన్న అడిగిన్రా?"

ప్రేమ్‌కుమార్ మిఠాయి డబ్బాను మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"ఇంకో మాట. రెండు బస్సులు ఎక్కి దిగుడు ఇగ నాతోని కాదు. ఇల్లు కోదాడకు మారుస్తున్న."

"మరి నా దుకాణం?" అన్నాడు ధర్మేందర్.

"దుకాణం గాడనే ఉంటది. నువ్వు పోయి రా."

"నేనూ కోదాడకే వస్త" అంది అలివేలు మిఠాయి డబ్బా తెరుస్తూ. "మా చెల్లె గాడనే ఉన్నది."

ఆ మరుసటి నెలలోనే ఇల్లు మారింది. ధర్మేందర్ రోజూ పొద్దున్నే కోదాడ బస్టాండులో నిలబడుతున్నాడు. ఎక్స్‌ప్రెస్ మంచిదా, డీలక్స్ మంచిదా అన్న విషయంలో ఆయనకిప్పుడు గట్టి అభిప్రాయాలున్నాయి.