నేల తడవని లీకు

తాను చేసిన ప్లైవుడ్ అక్వేరియంలో నీళ్లు నాలుగు వేళ్లు తగ్గిపోయి, కింద నేల మీద మాత్రం ఒక్క చుక్క కూడా కనబడకపోయేసరికి దేవిదాసు వంగి పెట్టె అడుగంతా తడిమి చూశాడు.

పెట్టె నింపి మూడు రోజులైంది. నీటిమట్టం దగ్గర, పెట్టె ముందువైపు గాజు మీద గీసిన గీత నిన్నటిదాకా నీళ్లకు అంటుకునే ఉంది. పెట్టె కారదని తేలాకే మోటారు వేసి ఫిల్టరు నడపాలని అతని ప్లాను. ఇవాళ పదకొండింటికి పిల్లల డాక్టరు శ్రీకాంత్ చూడ్డానికి వస్తాడు. నచ్చితే తన దవాఖానలో గోడంత అక్వేరియం చేయిస్తానన్నాడు.

ఆర్మూరులో ముప్పై ఏళ్లు దర్వాజాలు చేసిన చేతులవి. ఇప్పుడు జనం రెడీమేడ్ తలుపు కొని ఆటోలో వేసుకుపోతున్నారు. ఆరు నెలలుగా దేవిదాసు ఉలికి పదును పెడుతున్నాడే తప్ప దానితో పని పడలేదు. ఈ పెట్టె నిలబడితే తన పనితనం మరికొన్నాళ్లు నిలబడుతుందని అతని ఆశ.

కారలేదంటే కట్టె తాగిందన్నమాట. నీళ్లు దిగకుండా లోపల పూసిన మూడు పూతల ఎపాక్సీలో ఎక్కడో సూది బెజ్జం ఉండి ఉంటుంది. ప్లైవుడ్ లోలోపల ఉబ్బుతూ ఉంటుంది. డాక్టరు ముందే పగిలితే?

పైపులు బిగించిన నర్సింలుకు ఫోన్ చేశాడు. పది నిమిషాల్లో నర్సింలు పాన పట్టుకుని వచ్చాడు.

"నా పైపు కారితె నేల తడుస్తది గదా అన్నా. నీ కట్టెనే తాగింది."

"మూడు సార్లు పూసిన! నీ జాయింట్లే సక్కగ లెవ్వు."

"జాయింట్లకెల్లి పోయిన నీళ్లు యాడికి పోతయి? ఆస్మాన్‌కా?"

"పొద్దు పొద్దుగాల గీ లొల్లేంది?" దేవిదాసు భార్య ముత్తెమ్మ చాయ్ గ్లాసులు వాళ్ల చేతుల్లో పెట్టింది. "పోతె పోయినయ్, నీళ్లే గదా! మల్ల పోస్తె పాయె."

నర్సింలు చాయ్ తాగుతూ ఆలోచించాడు. "వదినా, జర పసుపు తే. నీళ్లల్ల కలుపుదం. యాడ కారుతదో గాడ పచ్చగ మరక పడ్తది."

తెగిన వేలికీ, దర్వాజా గడపకూ, దగ్గుకూ పసుపే వాడే ఊరు అది. ఎవరికీ ఇందులో వింత కనిపించలేదు. దేవిదాసు "చెంచెడు చాలు" అనేలోపే నర్సింలు రెండు దోసిళ్లు పోశాడు. గీత దాకా నీళ్లు నింపి మోటారు వేశాడు.

పెట్టె పైఅంచు దగ్గరి బెజ్జం నుంచి నీళ్లు పైపులో దిగి, కింద ఫిల్టరు డ్రమ్ములోని స్పాంజీ, బొగ్గు, కంకర దాటి, మోటారు తోడగా మళ్లీ పైకి రావాలి. కాసేపు అలాగే వచ్చాయి కూడా. తర్వాత స్పాంజీ మీద పసుపు ముద్ద కట్టింది. కిందికి దిగలేని నీళ్లు డ్రమ్ము అంచు దాటి పొంగాయి.

"మోటర్ బంద్ జెయ్యి!"

"చేతులు తడిగున్నయే! నువ్వే జెయ్యి!"

ఆ మర్యాదలు ముగిసేలోపు పసుపు నీళ్లు గడప దిగి, గల్లీ దాటి, ఎదురింటి అంజవ్వ వాకిట్లోకి చేరాయి. అంజవ్వ మర్నాడు మార్కెట్‌కు పంపడానికి పసుపు బస్తాలు కుడుతోంది. కిందికి చూసి కేక పెట్టింది.

"ఓ దేవిదాసూ! గిదేం దందరా? పసుపుకు రంగేస్తున్నవా? గిసొంటోళ్లతోనే గదా మార్కెట్ల మా ధర పడిపోతున్నది!"

గల్లీ అంతా చేరింది. మార్కెట్‌కు పోతున్న ఏర్గట్ల ఊరి రైతు బండి ఆపి, ఫోన్ తీసి వీడియో పట్టాడు. "అక్వేరియమమ్మా! చేపల పెట్టె!" అని దేవిదాసు మొత్తుకున్నాడు.

"చేపలేవి మరి?" అంది అంజవ్వ.

అప్పుడే, చెప్పిన టైముకన్నా ముందే, డాక్టరు కారు దిగాడు. బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, పసుపు నీళ్లలోంచే నడిచి లోపలికొచ్చాడు. దేవిదాసు తల వంచుకున్నాడు. డాక్టరు తెల్ల రుమాలుతో పెట్టె బయట ప్రతి అతుకూ, అడుగూ తుడిచి వెలుగులో పట్టి చూశాడు. రుమాలు తెల్లగానే ఉంది.

"ఇంత పసుపు పోసినా బయటికి మరక రాలేదంటే పెట్టె గట్టిదే. ఫిల్టర్ మాత్రం పెద్దది పెట్టండి. రేపు కొలతలకు రండి."

గల్లీ చల్లబడింది. అంజవ్వ నవ్వు దాచుకుంటూ చీపురు తెచ్చింది. దేవిదాసుకు మాత్రం మనసు ఒప్పలేదు. కారణం తెలియని లోపాన్ని దాచి పని ఒప్పుకోవడం అతనికి చేతకాదు.

"సార్, పొద్దుగాల నాలుగు వేళ్ల నీళ్లు తగ్గినయి. గవి యాడికి పోయినయో తెల్వకుంట నేను మీ పని ఒప్పుకోను."

తలుపు వెనక నుంచి ముత్తెమ్మ కొంగు నలుపుకుంటూ ముందుకొచ్చింది.

"నేనే తీసిన. నిన్న పొద్దుమూకంగ పెట్టె కిర్రుమన్నది. గన్ని నీళ్లకు గది పలిగితె సార్ ముందట నీ ఇజ్జత్ పోతదని భయమైంది. తెల్లారంగ నాలుగు బకెట్లు తోడి బీరపాదుకు పోసిన. పెట్టె మొత్తం ఖాళీ జేద్దామనే ఉండె, నువ్వే జల్ది లేశినవ్."